జాయ్‌స్టిక్ కొనేముందే దాని రిపేరు గురించి ఆలోచించండి

ఫ్లైట్ సిమ్యులేటర్ కంట్రోల్స్ మీద యాభై వేలో లక్షో పెట్టబోయేవాళ్లు మొదట అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ విమానం నడుపుతారన్నది. ఎయిర్‌బస్ ఏ320 అయితే స్ప్రింగు సైడ్‌స్టిక్ (పక్కన ఉండే జాయ్‌స్టిక్) చాలు. అసలు విమానంలోనూ అది స్ప్రింగుతో నడిమికి వచ్చే స్టిక్కే. గాలి ఒత్తిడి చేతికి తెలియదు, ఆటోపైలట్ వేస్తే స్టిక్ కదలదు. సెస్నా 172 అలా కాదు. యోక్ (స్టీరింగులాంటి పిడి) నుంచి ఎలివేటర్ (విమానం ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక రెక్క) దాకా కేబుల్ ఉంటుంది. వేగం పెరిగితే యోక్ బరువెక్కుతుంది, ట్రిమ్ చక్రం (ఎలివేటర్‌ని ఒక స్థితిలో నిలిపే చిన్న చక్రం) తిప్పితే ఆ బరువు దిగిపోతుంది. స్ప్రింగు యోక్‌లో ఈ అనుభవం రాదు. ట్రిమ్ చేస్తూ యోక్‌ని కొద్దికొద్దిగా నడిమికి వదలడం అలవాటు చేసుకోవాలి. అది కుదరదనుకునేవాళ్లకే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (మోటారుతో చేతికి బలం తగిలించే ఏర్పాటు) అవసరం. స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రున్నర్ యోక్‌లు, మోజా ఏబీ9 లాంటి బేస్‌లలో (హ్యాండిల్ కూర్చునే కింది భాగం) మోటారు ఆ నడిమి స్థానాన్నే జరుపుతుంది. హెలికాప్టర్ నడిపేవాళ్లకైతే స్ప్రింగే అడ్డం. క్లచ్ (స్టిక్‌ని పెట్టిన చోటే నిలిపేది), డ్యాంపర్ (కదలికని నిదానం చేసేది) ఉన్న బేస్ తీసుకుని స్ప్రింగు తీసేయడం నయం.

ఇక సెన్సారు. చవక రకాల్లో పొటెన్షియోమీటర్ ఉంటుంది. లోపల కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. ఎక్కువసేపు స్టిక్ ఉండేది నడిమిలోనే కాబట్టి పట్టీ ముందు అరిగేదీ అక్కడే. అందుకే పాతబడిన స్టిక్ ల్యాండింగ్ ముందు, చిన్న చిన్న కదలికలు కావాల్సిన చోటే వణుకుతుంది. హాల్ సెన్సారులో రాపిడి లేదు. అయస్కాంతం తిరిగితే క్షేత్రం మారుతుంది, చిప్ దాన్ని చదువుతుంది. వీకేబీ కంపెనీ వాడే మాగ్నెటో రెసిస్టివ్ సెన్సారు కూడా తాకకుండా చదివేదే. ఖరీదైన సెట్‌లో ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉండి తీరాలి. రాజీ పడొద్దు.

అయితే పెట్టె మీద "16 బిట్" అని రాసి ఉందని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. 12 బిట్ అంటే 4096 మెట్లు. స్టిక్ అటు 20, ఇటు 20 డిగ్రీలు వంగితే ఒక్కో మెట్టు దాదాపు 0.01 డిగ్రీ. అంతకన్నా సన్నగా ఎవరి చెయ్యీ కదలదు. చేతికి నిజంగా తెలిసేది నడిమిలో ఉండే పట్టు. థ్రస్ట్‌మాస్టర్ వార్థాగ్ స్టిక్ చూడండి, సెన్సారు 16 బిట్ హాల్. కానీ స్టిక్ కూర్చునేది ప్లాస్టిక్ గోళం మీద. అందులో గ్రీజు ఎండితే స్టిక్ నడిమిలో అతుక్కుని, కొంచెం ఎక్కువ బలం పెట్టేసరికి ఒక్కసారిగా జారుతుంది. సెన్సారు ఎంత సన్నగా చదివితే ఏం లాభం! వీకేబీ గన్‌ఫైటర్, విర్పిల్ కంపెనీ బేస్‌లలో గోళం ఉండదు. పిచ్‌కి (ముందుకీ వెనక్కీ), రోల్‌కి (పక్కలకి) విడివిడిగా బేరింగుల మీద తిరిగే ఇరుసులు, క్యామ్‌లు (నడిమి పట్టుని నిర్ణయించే గాడి ముక్కలు), మార్చుకోగలిగే స్ప్రింగులు ఉంటాయి. గట్టి నడిమి కావాలంటే ఒక క్యామ్, మెత్తగా కావాలంటే ఇంకోటి.

స్టిక్‌కి ఎక్స్‌టెన్షన్ వేయాలనుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోండి. చెయ్యి ఇరుసుకి 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 20 డిగ్రీల వంపుకి సుమారు 5 సెంటీమీటర్లు కదులుతుంది. 20 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే అదే వంపుకి దాదాపు 12. గురి బాగా కుదురుతుంది. కానీ అదే స్ప్రింగు ఇప్పుడు చేతికి సగం కన్నా తక్కువ బలంగా తగులుతుంది, పైన హ్యాండిల్ బరువు తోడై స్టిక్ ఓ పక్కకి వాలుతుంది. కాబట్టి ఎక్స్‌టెన్షన్‌తో పాటే గట్టి స్ప్రింగులూ ఆర్డర్ చేయండి. బేస్‌ని కుర్చీకో టేబుల్‌కో బోల్టులతో బిగించాలి, టేబుల్ మీద ఊరికే పెడితే తలకిందులవుతుంది.

యోక్‌లలో చూడాల్సింది తిరిగే కోణం. లాజిటెక్ (పాత సైటెక్) యోక్ పక్కకి 45 డిగ్రీలు తిరుగుతుంది, హనీకోంబ్ ఆల్ఫా 90. సెస్నా నడిపేవాళ్లకి ఈ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. పెడల్స్ విషయంలో ఒకటే మాట. బరువుగా ఉండాలి, కాలు తన్నితే నేల మీద జారకూడదు.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్లకి మెయిల్ రాసి మూడు సంగతులు అడగండి. సెన్సార్ బోర్డు, స్ప్రింగు, కేబుల్ విడిగా అమ్ముతారా? వారంటీలో ఉండగా మూత విప్పి మేమే పార్టు మార్చుకుంటే వారంటీ పోతుందా? ఇండియాలో కొన్నవాటికి సర్వీసు ఎక్కడ? జవాబులో ఏముందో, ఎన్ని రోజులకి వచ్చిందో రెండూ ముఖ్యమే. కొనకముందు ప్రశ్నకే పది రోజులు పట్టిందంటే కొన్నాక పరిస్థితి ఊహించుకోవచ్చు. అమెరికా నుంచి చుట్టాల చేత తెప్పించుకునేవాళ్లు ఇంకో సంగతి కూడా అడగాలి. కొన్న దేశంలో తప్ప వేరే చోట వారంటీ చెల్లదనే కంపెనీలు ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఉన్న మనవాళ్లకి కొంత మేలు. అక్కడ చట్టం ప్రకారం రెండేళ్ల హామీ ఉంటుంది, దానికి జవాబుదారీ అమ్మిన షాపు. అక్కడ తయారీదారు చుట్టూ తిరగక్కర్లేదు.

ఇక తేడా వచ్చినప్పుడు. సపోర్ట్‌కి రాసేముందు తప్పు నిజంగా వస్తువులోనే ఉందా అని తేల్చాలి. చాలాసార్లు ఉండదు. కొత్త కంట్రోలర్ పెట్టగానే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, డీసీఎస్ (యుద్ధ విమానాల సిమ్యులేటర్) రెండూ వాటంతట అవే దానికి యాక్సిస్‌లు (ఏ కదలిక దేన్ని నడపాలన్నది) కేటాయిస్తాయి. దాంతో ఒకే థ్రాటిల్‌కి (ఇంజిన్ శక్తిని మార్చేది) రెండు లివర్లు, ఒకే పిచ్‌కి స్టిక్, పెడల్ రెండూ ముడిపడి కొట్టుకుంటాయి. చూసేవాళ్లకి అది సెన్సార్ వణుకులాగే ఉంటుంది. విమానం రన్‌వే మీద కదలనంటే టో బ్రేక్ (పెడల్ పైభాగం నొక్కితే పడే బ్రేకు) యాక్సిస్ తిరగబడి ఉందేమో ముందు చూడండి.

సిమ్ మూసేసి, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని టైప్ చేయండి. ప్రాపర్టీస్‌లో గుర్తు ఎలా కదులుతోందో నిదానంగా చూడండి. స్టిక్ వదిలేసినా గుర్తు వణుకుతుంటే, లేదా ఒకే చోట ప్రతిసారీ సూదిలా ఎగిరితే పొటెన్షియోమీటర్ ఉన్న స్టిక్‌లో అది అరుగుదల కావొచ్చు. మొత్తం నడిమి ఓ పక్కకి జరిగితే దగ్గర్లో స్పీకరో అయస్కాంతపు ఫోన్ హోల్డరో ఉందేమో చూడండి, హాల్ సెన్సారు దానికీ స్పందిస్తుంది. అదీ కాకపోతే విండోస్‌లో ఎప్పుడో చేసిన కాలిబ్రేషన్ (నడిమినీ అంచులనీ గుర్తించే సర్దుబాటు) పాడై ఉండొచ్చు. సెట్టింగ్స్ ట్యాబ్‌లో రీసెట్ టు డిఫాల్ట్ నొక్కండి. వీకేబీ, విర్పిల్ వస్తువులని విండోస్‌తో కాలిబ్రేట్ చేయకండి, వాటికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంది.

యాక్సిస్‌లు బాగానే ఉండి, హ్యాండిల్ మీది బటన్లన్నీ ఒక్కసారే చచ్చిపోతే కనెక్టర్‌ని అనుమానించండి. వార్థాగ్‌లో పిచ్, రోల్ సెన్సారు బేస్‌లో ఉంటుంది, బటన్లు హ్యాండిల్‌లో ఉంటాయి, మధ్యలో ఐదు పిన్నుల గుండ్రటి మినీ డిన్ కనెక్టర్. గాడి సరిగా కుదరకుండానే రింగు బిగిస్తే పిన్ను వంగుతుంది. హ్యాండిల్ తీసి టార్చ్ వేసి చూస్తే కనిపిస్తుంది.

కనెక్షన్ తెగి తెగి వస్తుంటే హబ్ తీసేసి మదర్‌బోర్డు వెనకాల పోర్టుకే నేరుగా పెట్టండి. కేబుల్ మార్చి చూడండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. డివైస్ మేనేజర్‌లో రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ టిక్ కూడా తీసేయండి. ఆఖర్న ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. సపోర్ట్‌వాళ్లు మొదట అడిగేవి ఇవే.

ఇదంతా చేశాక రాసే మొదటి మెయిల్ మీదే మీ పని వేగం ఆధారపడుతుంది. చైనాలోనో యూరప్‌లోనో ఉన్న సపోర్ట్‌తో చాలాసార్లు రోజుకి ఒక ఉత్తరమే సాగుతుంది. వాళ్లు అడగాల్సిన ఒక్కో ప్రశ్నకీ ఒక రోజు పోతుంది. కాబట్టి అన్నీ ఒకేసారి ఇవ్వండి: మోడల్, సీరియల్ నంబర్ ఫొటో, బిల్లు, ఫర్మ్‌వేర్ వెర్షన్, విండోస్ వెర్షన్, డివైస్ మేనేజర్‌లోని హార్డ్‌వేర్ ఐడీ (థ్రస్ట్‌మాస్టర్ అయితే వెండర్ ఐడీ 044ఎఫ్). దాంతో పాటు ముప్ఫై సెకన్ల వీడియో. అందులో మీ చెయ్యీ, స్క్రీన్ మీది గుర్తూ ఒకే ఫ్రేములో కనబడాలి. స్క్రీన్ రికార్డింగ్ ఒక్కటే పంపితే "మీ చెయ్యి వణికిందేమో" అనే సందేహం వాళ్లకి మిగులుతుంది. "సెన్సార్ పోయింది" అని తీర్పు రాయకండి. "రోల్‌ని ఎడమకి సగం తిప్పిన చోట విలువ పదిసార్లలో ఎనిమిదిసార్లు ఎగురుతోంది, రెండు కంప్యూటర్లలోనూ అంతే" అని రాయండి. ఏయే పరీక్షలు చేశారో చెప్పండి. మీకేం కావాలో ఆఖరి వాక్యంలో స్పష్టంగా అడగండి: "సెన్సార్ బోర్డు పంపితే నేనే మార్చుకుంటాను, అందుకు వారంటీ పోదని రాతపూర్వకంగా తెలపండి." పార్టు పంపడం వాళ్లకీ చవక, మీకూ వేగం. జవాబు ఆలస్యమైతే అదే టికెట్‌లో గుర్తు చేయండి. కొత్త టికెట్ తెరిస్తే మళ్లీ క్యూ చివరికి వెళ్తారు. చైనా కొత్త సంవత్సరం, క్రిస్మస్ సెలవులు కూడా లెక్కలో పెట్టుకోండి.

పార్టు ఉచితమే అయినా కస్టమ్స్ దాని విలువ చూస్తుంది. ఇన్వాయిస్ మీద సున్నా అని రాస్తే పార్శిల్ ఆగిపోయే ప్రమాదం ఉంది. వారంటీ రీప్లేస్‌మెంట్ అని రాసి, పార్టు అసలు విలువ వేయమనండి. డ్యూటీ ఎవరు కడతారో ముందే అడగండి. మొత్తం యూనిట్‌ని విదేశానికి పంపక తప్పకపోతే సీరియల్ నంబర్‌తో సహా ఎగుమతి కాగితాలు భద్రపరచండి. రిపేరై తిరిగొచ్చిన వస్తువుకి పూర్తి ధర మీద కాకుండా రిపేరు, రవాణా, ఇన్సూరెన్స్ ఖర్చు మీదే డ్యూటీ పడే వెసులుబాటు ఉంది. వెళ్లిన వస్తువే తిరిగొచ్చిందని రుజువు చేయగలిగితేనే అది దక్కుతుంది. ఇండియాలోని షాపులో కొని, వాళ్లు తయారీదారు మీదకి నెట్టేస్తుంటే 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అమ్మినవాడి ఊరికి వెళ్లక్కర్లేదు.

అసలు పెట్టె, అందులోని ఫోమ్ వారంటీ అయ్యేదాకా పారేయకండి. యోక్ షాఫ్టు దారిలో అటూఇటూ కొట్టుకోకుండా పట్టి ఉంచేది ఆ ఫోమే. కొత్త బోర్డు వచ్చాక మూత విప్పేముందు, విప్పుతూ ప్రతి దశలోనూ ఫొటో తీయండి. వైరు ఏ గాడిలోంచి వెళ్లిందో తర్వాత గుర్తుండదు, తప్పు గాడిలో పెడితే స్టిక్ కదిలినప్పుడల్లా నలిగి కొద్ది నెలల్లో తెగుతుంది. అయస్కాంతం ఏ ముఖం పైకి ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. బిగించాక కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో కాలిబ్రేట్ చేసి, స్టిక్‌ని నాలుగు మూలలకీ తిప్పి, అంచుల్లో విలువ పూర్తిగా చేరుతోందో లేదో చూశాకే ఆఖరి స్క్రూ బిగించండి.