ఇంగ్లీషు పుస్తకంలో తెలుగు

మన పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని అడిగితే మీరంతా గోడ దూకి సినిమాకి వెళ్లిన సంగతులే రాస్తారని నాకు తెలుసు, అందుకే నేను మన ఇంగ్లీషు మాస్టారి గురించి రాస్తున్నాను. పేరు రాయక్కర్లేదు, 1989 టెన్త్ బ్యాచ్‌లో ఆయన్ని మరిచిపోయినవాళ్లు ఎవరుంటారు గనక.

1984లో ఆరో తరగతిలో చేరేనాటికి నాకు ఏబీసీడీలు వచ్చు. వచ్చు అంటే ఒక్క గుక్కలో అప్పజెప్పడం వచ్చు, అంతే. చదవడం రాదు. మా అన్నయ్యని బతిమాలి ఇంగ్లీషు వాచకంలో ప్రతి మాట మీదా పెన్సిల్‌తో తెలుగులో రాయించుకున్నాను. క్లాసులో లేచి గడగడా చదివేసి కూర్చునేవాణ్ణి, అబ్బో అనుకునేవారు. ఓ రోజు మాస్టారు నా పుస్తకం తీసేసుకుని పక్క బెంచీ అమ్మాయి పుస్తకం నా చేతిలో పెట్టారు. అదే పాఠం. కానీ పెన్సిల్ రాత లేదు. నోరు పెగిలితే ఒట్టు.

"ఏటిరా గుంటడా, ఇంగ్లీషు పుస్తకంలో తెలుగు చదువుతున్నావా?" అన్నారు.

కొడతారనుకున్నాను. హోంవర్కు చెయ్యకపోతే ఊరుకునే మనిషి కాదు కదా. రబ్బరు ఇచ్చి మొత్తం చెరపమన్నారు. చెరుపుతుంటే ఒక పేజీ చిరిగింది కూడా. తీరా చూస్తే క్లాసులో సగం మంది పుస్తకాలదీ అదే కథ.

మర్నాటి నుంచి నెల్లాళ్లు వాచకం ముట్టుకోలేదు. "నిన్ను ఇంట్లో చిన్నోడా అంటారు, హాజరుపట్టీలో ఇంకో పేరుంటుంది. ఇంగ్లీషు అక్షరాలూ అంతే. హాజరుపట్టీలో 'సీ', మాటలోకి వస్తే 'క్'. 'బీ' అనకు, 'బ్' అను" అనేవారు. మనకి 'క' రాస్తే 'క' అనే పలుకుతాం కాబట్టి ఈ రెండు పేర్ల గొడవ బుర్రకెక్కడానికి చాలా రోజులు పట్టింది. పైగా మన నోటికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. 'క్యాటు', 'బుక్కు' అంటే, చివర్న ఆ 'ఉ' మింగెయ్యరా అని పది మంది చేతా పదేసిసార్లు అనిపించేవారు.

నాలుగు గీతల కాపీ పుస్తకం కూడా ఆయన పొలంలాగే చెప్పారు. నాలుగు గట్లు, మధ్యన మూడు మళ్లు. చిన్నబడి అక్షరాల్లో 'ఏ', 'ఓ' నడిమి మడి దాటకూడదు, 'హెచ్', 'ఎల్' పైమడిలోకి చెయ్యి చాపాలి, 'జీ', 'వై' కింది మడిలో కాలు పెట్టాలి. 'బీ'కి ముందు కర్ర తర్వాత పొట్ట, 'డీ'కి ముందు పొట్ట తర్వాత కర్ర. నాకైతే ఏడో తరగతిలో కూడా ఆ పొట్టలు తారుమారయ్యేవి.

ఓ శనివారం మధ్యాహ్నం పొందూరు స్టేషన్‌కి నడిపించుకెళ్లారు, గుర్తుందా? పసుపు బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. తెలుగు వైపు చూడకుండా ఇంగ్లీషు చదవమన్నారు. మనలో ఒకడు 'పొండురు' అన్నాడు, ఇంకొకడు 'పాండురు'. సొంత ఊరి పేరు చదవలేక నవ్వుకున్నాం. 'ద'కీ 'డ'కీ వాళ్లకి ఒకటే 'డీ', 'ఊ'కీ 'ఉ'కీ ఒకటే 'యూ' అని అక్కడే బోర్డు కింద నిలబెట్టి చెప్పారు. మనం అక్షరం చూసి చదువుతాం, అక్కడ మాట తెలిస్తే గానీ అక్షరం పలకదు. (ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ కోడ్ ఇప్పటికీ సీహెచ్ఈ. తెల్లవాళ్లు శ్రీకాకుళాన్ని చికాకోల్ అన్నప్పటిది. టికెట్ తీసినప్పుడల్లా నాకు ఆ శనివారమే గుర్తొస్తుంది.)

నెల్లాళ్లు పాఠం మొదలెట్టలేదని కొందరి నాన్నలు వచ్చి తగువు పడ్డారు. క్వార్టర్లీలో మార్కులు కూడా తగ్గాయి, అబద్ధమెందుకు. చివర ఒకే అక్షరాలున్న 'బట్', 'పుట్' ఎందుకలా వేరుగా పలుకుతాయంటే ఆయన దగ్గరా జవాబు లేదు, "అవి దొంగమాటలు, గుర్తుపెట్టుకోవడమే" అనేవారు. మాట్లాడించడం మాత్రం ఆయన అసలు చెయ్యలేదు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే నాకిప్పటికీ టెన్షనే.

ఇప్పుడు నేనూ మాస్టారినే, ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని), చిన్న క్లాసులు చెప్తున్నాను. ఏ నుంచి జెడ్ దాకా వరసగా కాకుండా ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అక్షరాల శబ్దాలతో మొదలెడతాను. ఆ ఆరింటితోనే సాట్, పిన్, ట్యాప్, టిన్ అని పిల్లలే కూడబలుక్కుని చదివేస్తారు. ట్రైనింగ్‌లో 26 అక్షరాలతో 44 దాకా శబ్దాలు నెట్టుకొస్తారని చెప్తుంటే, మాస్టారు లెక్క చెప్పకుండానే ఇదంతా చేశారనిపించింది. "మా పిల్లకి ఇంకా ఏబీసీడీలు రాలేదేటి మాస్టారూ" అని తల్లులు అడుగుతూనే ఉంటారు.

మొన్న రెండో తరగతి పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పిల్ల చటుక్కున అరచేత్తో పేజీ మూసింది. చెయ్యి తీయించి చూస్తే మాటల మీద పెన్సిల్‌తో తెలుగు. ఎవరు రాశారమ్మా అంటే "మా అన్నియ్య" అంది. నా దగ్గర రబ్బరు లేదు, ఆ పిల్లదే అడిగి తీసుకున్నాను.