ఇత్తె కిమసు, వెళ్ళొస్తాను

ఈరోజు పొద్దున పాలు పొంగిపోయాయి. తప్పు నాదే. అయిదున్నరకు లేచి, గిన్నె స్టవ్ మీద పెట్టి, పాలు కాగేలోపు నాలుగు వరసలు కతకన, అంటే జపనీస్ అక్షరాలు, దిద్దుకోవచ్చునని వంటింటి గట్టు మీదే నోటుపుస్తకం తెరిచాను. అమ్మ వచ్చి స్టవ్ కట్టేసేదాకా నాకు మాడు వాసన కూడా తెలియలేదు.

జపనీయుల రెండు అక్షరమాలల్లో హిరగన 46 అక్షరాలూ నేను జపనీస్ మొదలుపెట్టిన రెండో నెల ముగిసేసరికి చేతికి వచ్చాయి. విదేశీ పదాలకూ, మాంగాల్లో, అంటే జపనీస్ బొమ్మల కథల్లో, చప్పుళ్ళకూ ఎక్కువగా వాడే కతకనలోనూ 46 అక్షరాలే ఉన్నా, ఆరు నెలలైనా అది నన్ను ఏడిపిస్తూనే ఉంది. అందులో 'షి'కీ 'త్సు'కీ రెండేసి పొట్టి గీతలు, ఒక్కో పొడుగు గీత ఉంటాయి. 'షి'లో పొట్టి గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీతను కింది నుంచి పైకి లాగాలి. 'త్సు'లో పొట్టి గీతలు పైన పక్కపక్కన కూర్చుంటాయి, పొడుగు గీతను పై నుంచి కిందికి దించాలి. మన చేత్తో మనం రాసుకునేటప్పుడు ఈ తేడా స్పష్టంగానే తెలుస్తుంది కాని, మాంగా గీసినవారు బొమ్మ మీదుగా వాల్చి, సాగదీసి, వంకర్లు తిప్పిన అక్షరాల్లో ఏ గీత ఎటు నుంచి బయలుదేరిందో పోల్చుకోవడం నావంటి వారికి కష్టం.

నిన్న రాత్రి చదివిన పేజీలో బడి వదిలాక ఖాళీ అయిన తరగతి గది, కిటికీ దగ్గర అవతలికి మొహం తిప్పుకుని నిలబడ్డ ఒక అమ్మాయి, బొమ్మ పైభాగమంతా పరుచుకున్న పెద్ద కతకన అక్షరాలు ఉన్నాయి. నేను వాటిని 'త్సూన్' అని చదివాను. ఆ మాట నాకు తెలిసినదే. నషాళానికి అంటే ఘాటుకూ, మూతి ముడుచుకుని బిగుసుకుపోయే మనిషికీ వాళ్ళు వాడే ధ్వన్యనుకరణం అది. కాబట్టి ఆ అమ్మాయి అలిగిందని తీర్మానించుకుని, ఆ అలక ఎప్పుడు తీరుతుందా అని ఎదురుచూస్తూ తరువాతి రెండు పేజీలు చదివాను. పొద్దున గీతలు దిద్దుతూ ఉండగా అనుమానం వచ్చి పుస్తకం మళ్ళీ తీసి చూస్తే, అది 'త్సూన్' కాదు, 'షీన్'. చడీచప్పుడూ లేకుండా ఉండడాన్ని 'షీన్' అంటారు. నిశ్శబ్దానికి ఒక చప్పుడు పెట్టి, దాన్ని బొమ్మ మీద అంత లావు అక్షరాలతో రాసుకునే భాష అది. ఆ పిల్ల అలగలేదు; గదిలో ఎవరూ లేరు, అంతే. ఈ సంగతి తేలిన క్షణంలోనే పాలు పొంగాయి.

అమ్మకు నా చదువు మొదటి నుంచీ వింతగానే ఉంది. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి కాబట్టి మన లెక్కలో అట్ట చివరి పేజీ దగ్గర మొదలుపెట్టాలి. అది మొదటిసారి చూసిన రోజున, "పుస్తకం వెనక నుంచి చదువుతావేమిటే, కథ ముగింపు ముందే తెలిసిపోదూ?" అని అడిగింది. బంధువులు అడిగే ప్రశ్న వేరు: "జపాన్ వెళ్తున్నావా?" నేను ఎక్కడికీ వెళ్ళడం లేదు. విజయవాడలో ఆడిటర్ ఆఫీసులో లెక్కలు చూసుకునే ముప్పయ్యారేళ్ళ మనిషిని. రెండేళ్ళ కిందట వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడు జపాన్ కార్టూన్లు, అదే అనిమే, చూస్తూ నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వాడు సెలవులయ్యాక వెళ్ళిపోయాడు, నేను చూడడం మానలేదు.

చదువు మొదలుపెట్టిన కొత్తలో నాకు దొరికినవన్నీ ఇంగ్లీషులో చెప్పే జపనీస్ పాఠాలే. వాటిలో పేజీలకు పేజీలు భయపెట్టే విషయాలు మన చెవికి పుట్టుకతోనే తెలిసినవని గ్రహించడానికి నాకు చాలా రోజులే పట్టింది. హ్రస్వ దీర్ఘాల మాటే చూడండి. జపనీస్‌లో 'ఒబసన్' అంటే పిన్ని, 'ఒబాసన్' అంటే నాయనమ్మ. బ పక్కన ఒక్క దీర్ఘంతో మనిషి వయసు ఒక తరం పెరిగిపోతుంది. 'బిరు' అంటే భవనం, 'బీరు' అంటే మనం అనే బీరే. 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు ఈ ద్విత్వాక్షరం దగ్గర ఎంత సేపు ఆగాలో చప్పట్లు కొట్టి మరీ నేర్పిస్తారు. అత్త, అక్క, అమ్మ అంటూ మాటలు నేర్చుకున్న వాళ్ళకు ఆ చప్పట్లు అక్కరలేదు. చివరకు వాళ్ళ పొల్లు 'న్' కూడా మన సున్న లాగే ప్రవర్తిస్తుంది: తరువాత ప వస్తే పెదవులు మూసుకుని, సీనియర్ అనే అర్థమున్న 'సెన్‌పై' 'సెంపై' అవుతుంది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది అక్షరాల వరస. అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఇప్పటి 'హ' వరస పూర్వం 'ప' అని పలికేదని తెలుసుకుని ఆ ఒక్కటీ మార్చి చదివితే, ఎక్కడో విన్న పాటలా మన వర్ణమాలే వినిపిస్తుంది. సంస్కృత మంత్రాల కోసం 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిని అధ్యయనం చేసిన బౌద్ధ భిక్షువుల చదువు ప్రభావంతోనే ఈ వరస ఏర్పడిందని పండితులు చెబుతారు. పలక మీద అ ఆలు దిద్దినప్పుడు నాకు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

పాల గొడవతో ఆలస్యమై, టిఫిన్ డబ్బా సంచిలో పడేసి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ "వెళ్తున్నానమ్మా" అన్నాను. "వెళ్తున్నాను కాదు, వెళ్ళొస్తాను అను" అని వంటింట్లో నుంచే సవరించింది. నా చిన్నప్పటి నుంచి ఈ సవరణ వందల సార్లు జరిగి ఉంటుంది. ఉత్తినే వెళ్తాను అనడం అశుభమని, తిరిగి వస్తానన్న మాట గడప దాటే ముందే నోట పలకాలని మా ఇంట్లో పట్టింపు.

పటమటలో బస్సెక్కితే కిటికీ పక్కన సీటు దొరికింది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు కదలకుండా నిలబడిపోయేసరికి, సంచిలో నుంచి మాంగా తీసి నిన్న ఆగిన చోట నుంచి మొదలుపెట్టాను. అలిగిందనుకున్న ఆ పిల్లే ఇక్కడ బూట్లు వేసుకుంటూ, వెనక్కి తిరగకుండా ఇంట్లో వాళ్ళకు కేక వేస్తున్నది: 'ఇత్తె కిమసు'. అనిమేలో ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కింద ఇంగ్లీషులో 'బై' అనో 'సీ యూ లేటర్' అనో పడుతూ ఉంటుంది, కాబట్టి నా మనసులో అది వీడ్కోలు మాటగా స్థిరపడిపోయింది. ఈరోజు చెవిలో అమ్మ సవరణ ఇంకా మోగుతూ ఉండడం వల్లనేమో, మాటను మొదటిసారి విడదీసి చూశాను. 'ఇత్తె' అంటే వెళ్ళి. 'కిమసు' అంటే వస్తాను. వెళ్ళి వస్తాను! లోపలి నుంచి తల్లి చెప్పే జవాబు 'ఇత్తె రష్షై', అంటే వెళ్ళి రండి. ఒక్క ముక్క కూడా అటూ ఇటూ జరపనక్కరలేదు. ఇంతకాలం ఇంగ్లీషును మధ్యవర్తిగా పెట్టుకుని, మా అమ్మ మాటను నేనే గుర్తుపట్టలేకపోయాను. పక్క సీటావిడ నా మొహంలోకి చూసింది, పైకే నవ్వినట్టున్నాను.

ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. పాఠాల్లో 'తె రూపం' అని పేరు పెట్టి, పట్టికలు వేసి, అభ్యాసాలు ఇచ్చి నేర్పేది మన క్త్వార్థకమే. వెళ్ళి, తిని, చూసి, కొని. 'తబెతె మిరు' అంటే తిని చూడడం, రుచి ఎలా ఉందో తెలుసుకోవడానికి తినడం. చూడడానికీ తినడానికీ సంబంధమేమిటని ఇంగ్లీషువాళ్ళకు వివరించాలి కాని మనకెందుకు? 'తబెతె షిమత్త' అంటే తినేశాను. పూర్తయిపోయిందన్న భావమూ, అయ్యో తినేశానే అన్న నొచ్చుకోలూ రెండూ మన మాటలో ఉన్నట్టే అందులోనూ ఉన్నాయి. 'కినో మిత ఏగ' అంటే నిన్న చూసిన సినిమా, మాటకు మాట అదే వరస. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది: మనం చూసిన వేరు, చూశాను వేరు అంటాము, వాళ్ళు రెండు చోట్లా 'మిత' అనే అంటారు, కాబట్టి వాక్యం ముగిసిందో, వెనక ఇంకో నామవాచకం వస్తున్నదో ముందుకు చదివితేగాని తేలదు.

నేను మొట్టమొదట కొనుక్కున్న మాంగా 'యొత్సుబతొ'. అల్లరి పిల్ల యొత్సుబ, కొత్త ఊరికి ఇల్లు మారడంతో మొదలయ్యే కథ. 2003 నుంచి వస్తున్నది. చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలన్నిటికీ పక్కన చీమతలలంత హిరగన, అంటే ఫురిగన, ముద్రించి ఉంటుంది కాబట్టి నావంటి వారికి ఊతకర్ర. ప్రభుత్వ పట్టికలో ఉన్న 2136 కంజిలలో నాకు వచ్చినవి తొంభై మించవు. ఫురిగన లేని పుస్తకం నాకు ఇంకా తాళం వేసిన ఇల్లే. ఆ పేరు చివరి 'తొ'కు అర్థమేమిటో తెలుసుకున్న రోజున కాసేపు కుర్చీలో నుంచి లేవలేదు. 'తొ' అంటే తో. యొత్సుబతో! ఇటువంటి పోలికలు చూసి చుట్టరికాలు కలిపేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. సుసుము ఓనో అనే జపనీస్ భాషావేత్త తమ భాషకూ తమిళానికీ సంబంధం ఉందని ఏళ్ళ తరబడి వాదించారు. ఎక్కువమంది పండితులు అంగీకరించలేదు. నేనూ అంగీకరించను, 'తొ' కేవలం కాకతాళీయమే అనుకుంటాను. కానీ పదాలు గుర్తుండడానికి కాకతాళీయాన్ని మించిన సాధనం లేదు.

ఆఫీసులో రాయవలసినదేమీ జరగలేదు, నెలాఖరు లెక్కలు.

సాయంత్రం ఇంటికి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, ఇవాళ ఉత్సాహం కొద్దీ "తదైమ" అన్నాను. 'ఇప్పుడే' అని దాని అర్థం, ఇప్పుడే తిరిగి వచ్చాను అన్న వాక్యంలో మిగిలిన ముక్క. అనిమేలోని అల్లరి పిల్లాడు షిన్‌చాన్ బయటి నుంచి వచ్చి ఈ మాట అనకుండా, ఇంట్లో వాళ్ళు అనవలసిన 'ఒకయెరి' తనే అనేసి, ప్రతిసారీ తల్లి చేత దిద్దించుకుంటూ ఉంటాడు. ఆ హాస్యం అనువాదంలో సగం ఎగిరిపోతుంది, ఎందుకంటే ఇల్లు చేరినప్పుడు చెప్పడానికి మనకు ప్రత్యేకంగా ఒక మాట లేదు. అమ్మకు నా తదైమ వినిపించలేదు. టీవీ చూస్తూ "వచ్చావా?" అంది. ఒకయెరికి ఇంతకంటే మంచి తెలుగు నాకు తోచలేదు.

ఎనిమిదిన్నరకు ఆన్‌లైన్ క్లాసు. మా సెన్సే, అంటే టీచరు, తెలుగావిడే. పదకొండేళ్ళు జపాన్‌లో ఉండి వచ్చారు. ఈరోజు ఒక వాక్యం వివరించి, అర్థమైందా అని జపనీస్‌లో అడిగితే, నేను గర్వంగా "వకత్త!" అన్నాను. తెర మీద ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు. "మీ మాస్టారు లెక్క చెప్పి అర్థమైందా అని అడిగితే, ఆఁ తెలిసిందిలే అంటారా?" అన్నారు. నా చెవులు వేడెక్కాయి. పెద్దవారితో 'వకరిమషిత' అనాలి. పుస్తకంలో చదివాను, పరీక్షలో అడిగితే రాస్తాను కూడా. కాని వందల గంటలుగా నా చెవిలో పడ్డవి కత్తులు దూసుకునే కుర్రాళ్ళ మాటలు, తోటి పిల్లల మాటలు. అనిమే వీరులు తమను 'ఒరె' అనీ ఎదుటివాణ్ణి 'ఒమయె' అనీ అంటూ ఉంటే విని నేర్చుకున్నవారు, మన సినిమాల్లో రౌడీ సంభాషణలు విని తెలుగు నేర్చుకుని బ్యాంకు మేనేజరును 'ఒరేయ్' అని పిలిచే మనిషితో సమానమని సెన్సే అన్నారు. చివర 'మసు' చేర్చడమంటే ఇంచుమించు మన 'అండి' చేర్చడమే. అది నోటికి అలవాటు కావాలంటే అంగళ్ళలో, ఆఫీసుల్లో జరిగే కథలు చూడమన్నారు.

ఎదుటివారిని మీరు అనే బదులు ఏమనాలి అని ఒకరు అడిగారు. వీలైనంతవరకు ఏమీ అనకూడదట. పేరుకు 'సన్' చేర్చి పిలవాలట, లేకపోతే వరస. ముక్కూమొహం తెలియని వాళ్ళను కూడా పిల్లలు అక్క, మామయ్య అన్నట్టు 'ఒనేసన్', 'ఒజిసన్' అంటారట. ముప్పై దాటిన ఆడవారిని 'ఒబసన్' అని పిలిస్తే మాత్రం ఎలా ఉంటుందో ఊహించుకోమని సెన్సే నవ్వారు. నాకు ఊహ అవసరం లేదు. పోయిన వారం కూరగాయల బండి దగ్గర, నాకంటే ఎంతో చిన్నవాడు కూడా కాని ఒక కుర్రాడు నన్ను "ఆంటీ" అన్నాడు.

డిసెంబరు మొదటి ఆదివారం ఎన్‌5 పరీక్ష, జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షల్లో అన్నిటికన్నా కింది మెట్టు. నూట ఎనభైకి 80 వస్తే గట్టెక్కవచ్చు, విడివిడిగా ప్రతి భాగంలోనూ రావలసిన కనీస మార్కులు వస్తే. అందులో మాట్లాడే పరీక్ష లేదు కాబట్టి నా వకత్త అక్కడ ఎవరికీ వినబడదు.

క్లాసు అయ్యాక ఇంకో పేజీ చదివాను. నాలుగు కొత్త కంజిలు, నలభై నిమిషాలు. పొద్దున్నే బడికి వెళ్ళిన ఆ అమ్మాయి పేజీ చివరి గడిలో ఇంటి తలుపు తీసింది. లోపల దీపం లేదు, పైన మళ్ళీ ఆ పెద్ద అక్షరాలే. ఈసారి పొట్టి గీతలు పక్కన ఉన్నాయా పైన ఉన్నాయా అని వేలు పెట్టి చూసి, షీన్ అని చదివాను.

రేపటి నుంచి స్టవ్ దగ్గర నోటుపుస్తకం కనబడకూడదని అమ్మ చెప్పింది. కతకన ఇక బస్సులోనే దిద్దుకోవాలి.