ఒకసారికి ఒకటే

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాటర్ ట్యాంకు గోడ పక్కన, ఒక పాత స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఉంటుంది. 2006 మోడల్, ఏపీ 09 నెంబరు. నెలలో సగం రోజులు దాని ముందు భాగం స్టాండ్ల మీద లేచే ఉంటుంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండుసార్లయినా దాని మీద చర్చ లేస్తుంది, అది బండా తుక్కా అని. తుక్కే అనేవాళ్లలో మా ఆవిడ కూడా ఉంది.

స్పోర్ట్స్ కారంటే రెండే తలుపులుండాలి, నేలకి అంటుకుని ఉండాలి అనుకునేవాళ్లకి దీన్ని చూస్తే నవ్వొస్తుంది. నాలుగు తలుపులు, పెళ్లి సామానంతా పట్టే డిక్కీ. కానీ 2004లో ఈ ఆర్‌ఎస్ ఇక్కడికి వచ్చినప్పుడు మన రోడ్ల మీద టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే చిన్న ఫ్యాను, ఉన్న పెట్రోలు కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. 1,781 సీసీ, సిలిండరుకి ఐదు చొప్పున ఇరవై వాల్వులు, 150 హార్స్‌పవర్. ఇదే కారు యూరప్‌లో 180తో అమ్మారు. దీని అన్నదమ్ముల ఇంజిన్లే తొలి తరం ఆడి టీటీల్లో ఉండేవి. అంటే మనకిచ్చిన దాంట్లో కొంత దాచిపెట్టి ఇచ్చారన్నమాట. ఈ పిచ్చి ఉన్నవాడికి ఆ ఒక్క మాట చాలు.

మావాడు దీన్ని మొదటిసారి చూసినప్పుడు ఇంజిన్ గురించి అడగలేదు. "మనం తెలంగాణ కదా, ఏపీ అని ఎందుకుంది?" అన్నాడు. ఖైరతాబాద్‌లో రిజిస్టరైన బండి, 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది, కొత్త బండ్లకి టీఎస్ ఇచ్చారు, పాతవాటికి పాత నెంబరే ఉండిపోయింది అని చెప్పాను. టీఎస్ పోయి టీజీ రావడం ఆ తర్వాతి సంగతి. "అంటే ఇది ఎక్కడికీ కదల్లేదు, దాని కింద రాష్ట్రమే మారింది" అన్నాడు వాడు. అప్పటికి వాడికి పన్నెండేళ్లు. మిషిగన్‌లోని నోవై నుంచి వచ్చి నాలుగు నెలలు.

నోవైలో మా ఇంటి గరాజులో ఒక సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఉండేది. రెండు లీటర్ల టర్బో, 227 హార్స్‌పవర్. వాడు పాకే వయసు నుంచి దాని కింద నా కాళ్లు చూస్తూ పెరిగాడు. దాన్ని తెచ్చుకునే దారి లేదు. విదేశాల నుంచి పాత కారు తేవాలంటే అది మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. మాది పద్దెనిమిదేళ్ల బండి, స్టీరింగు ఎడమవైపు. 2022 ఏప్రిల్‌లో అమ్మేశాను. కొన్నవాడు ట్రక్కు మీద ఎక్కించుకుని పోతుంటే మావాడు మేడ మీద కిటికీలోంచి చూశాడు, కిందికి మాత్రం రాలేదు. ఇల్లు అమ్మినప్పుడు ఇద్దరం బాగానే ఉన్నాం, అదేమిటో.

జూన్‌లో ఇక్కడ స్కూళ్లు తెరిచేసరికి దిగాం. చిన్నదానికి ఆరేళ్లు. మూడు నెలలకే వాచ్‌మన్ పిల్లలతో కలిసి "ఏం జేస్తున్రు" అంటూ తిరిగేది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, నీళ్లలో వదిలిన చేపపిల్ల. పెద్దవాడు అలా కాదు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూల్లోనైనా తెలుగు చెప్పి తీరాలి. నోవైలో శనివారం తెలుగు బడిలో నేర్చుకున్న పద్యాలు రెండు నోటికొచ్చు, ఒత్తులు మాత్రం రావు. తోటి పిల్లలు పేరాలు రాస్తుంటే వీడు గుణింతాలు దిద్దుకునేవాడు. ఇంటికొచ్చి గది తలుపేసుకునేవాడు.

దసరాకి ఈ బండి కొన్నాను. మా నాన్న విద్యానగర్‌లో చేతక్ స్కూటర్ని పక్కకి వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టేవాడు. కార్బొరేటరు విప్పి పెట్రోలులో కడిగేటప్పుడు నా చేతికి జెట్టు ఇచ్చి ఊదమనేవాడు. ఆయన నాతో ఏకబిగిన మాట్లాడింది అప్పుడే. నేనేదో పిల్లల పెంపకం పుస్తకాలు చదివి ఈ ఉపాయం కనిపెట్టలేదు. నాకు తెలిసింది అదొక్కటే.

మొదటి ఏడాది పవరు మాటే ఎత్తకూడదని పెట్టుకున్నాం. టైమింగ్ బెల్టు, దాంతోపాటే వాటర్ పంపు. ఈ ఇంజిన్ పాత పంపుల్లో ప్లాస్టిక్ రెక్కలు విరిగిపోతాయి. ఆ తర్వాత కూలెంటు గొట్టాలు, ఇగ్నిషన్ కాయిల్స్, ప్లగ్గులు, బ్రేకులు. అప్పుడే ఒక లాంగ్ నోట్‌బుక్ కొని ఒక నియమం రాశాం: ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చాక వారం నడపాలి, బండి కంప్యూటరుకి లాప్‌టాప్ కేబులు పెట్టి అంకెలు రాసుకోవాలి, ఆ తర్వాతే ఇంకోటి. రెండు కలిపి మారిస్తే బాగుపడ్డా చెడిపోయినా దేనివల్లో తెలియదు.

ఇంజిన్ బాగానే తిరుగుతున్నా లాగడం లేదు. గచ్చిబౌలి ఫ్లైఓవరు ఎక్కుతుంటే ఆటోలు దాటిపోయేవి. కేబులు పెడితే 17705 అని కోడ్ వచ్చింది, టర్బోకీ, ఇంజిన్‌కి గాలి దారి తెరిచే థ్రాటిల్‌కీ మధ్య ఒత్తిడి పడిపోతోందని. ఒక పెద్ద గరాజువాళ్లు చూసి టర్బో పోయింది, ఎనభై వేలవుతుంది అన్నారు. మావాడు మొహం వేలాడేసుకున్నాడు. మా వీధి చివర పంక్చర్ షాపు దగ్గర గాలి కొట్టించుకుంటున్నప్పుడు, ఆయన ట్యూబుని నీళ్ల బేసిన్‌లో ముంచి తిప్పడం చూపించి, మన పని కూడా ఇదే అన్నాను.

పైపుల షాపులో టర్బో మూతికి సరిపోయే పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి, పంక్చర్ ఆయన దగ్గర ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి. క్యాప్‌కి బెజ్జం వేసి వాల్వు బిగించాం. టర్బోకి గాలి వెళ్లే గొట్టం ఊడదీసి అక్కడ ఈ క్యాప్ పెట్టి, కాలితో కొట్టే పంపుతో పది పీఎస్‌ఐ దాకా ఎక్కించాం. మా అమ్మ చెంబులో సర్ఫు నురగ కలిపి తెచ్చి, "ఏ జాయింటు మీద పొయ్యాల్రా?" అని తనే పోసింది. టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర క్లిప్పు వదులై బుడగలు. వెనకవైపు బ్రీదర్ గొట్టం చీలి ఇంకొన్ని. వాడు సెల్లార్ అదిరేలా అరిచాడు, ఏ భాషో చెప్పలేను. ఆక్సిలరేటరు వదిలినప్పుడు ఎక్కువైన గాలిని మళ్లించే డైవర్టర్ వాల్వుకి వేరే పరీక్ష ఉంది. లోపలి పిస్టన్ నొక్కి పట్టి, సన్న గొట్టం తగిలే మూతిని వేలితో మూస్తే పిస్టన్ అలాగే ఆగాలి. మాది ఆగలేదు. లోపల రబ్బరు చిరిగింది. మూడూ కలిపి ఏడు వేలు దాటలేదు. నియమం ప్రకారం మూడు వారాల్లో మూడు మార్చాం, ఒక్కోదానికీ ఎంత పెరిగిందో నోట్‌బుక్‌లో ఉంది. టర్బో ఇప్పటికీ అదే.

ఆ మూడో వారమే, చేతులు తుడుచుకుంటూ, ఇంగ్లీషులోనే అన్నాడు వాడు. బండికి ఒకసారికి ఒకటే అంటావు. నాకు మాత్రం ఇల్లు, స్కూలు, భాష, స్నేహితులు, తిండి అన్నీ ఒకే నెలలో మార్చేశావు. ఇప్పుడు ఏది పనిచెయ్యట్లేదో నీకెలా తెలుస్తుంది?

నా దగ్గర జవాబు లేదు. విప్పేసిన ఇంజిన్ మీద ఇంకా బిగించాల్సిన నట్లేవో ఉన్నట్టు వంగి చూస్తూ కూర్చున్నాను.

రాత్రి మా ఆవిడకి చెబితే, "వాడు చెప్పినట్టే చూద్దాం మరి" అంది. తెలుగు ట్యూషన్ మాన్పించాం, నెలరోజులు. తేడా లేదు. పైగా వాడే మళ్లీ పెట్టమన్నాడు. లంచ్ బాక్సు మార్చాం. తేడా లేదు. మూడోసారి వాడి చేతికి మెట్రో కార్డు ఇచ్చాం. నోవైలో ఎనిమిదేళ్ల నుంచీ సైకిలేసుకుని స్నేహితుల ఇళ్లకి ఒక్కడే తిరిగినవాడు, ఇక్కడికొచ్చాక గేటు దాటాలంటే మా ఇద్దరిలో ఒకరు తోడుండాల్సి వచ్చేది. రోడ్డు దాటలేడని మా భయం. వాడు కుంగిపోయింది భాషకి కాదు, తిండికి కాదు. పన్నెండేళ్లకి మళ్లీ నాలుగేళ్లవాణ్ని చేశామని. మియాపూర్‌లో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్నుంచి కోఠి గుజరాతీ గల్లీ నడకదూరం. మొదటిసారి సెన్సార్ కనెక్టర్ల కోసం ఒక్కణ్ని పంపినప్పుడు మా ఆవిడ లైవ్ లొకేషన్ చూస్తూ అన్నం తినలేదు. వాడు కనెక్టర్లతో పాటు ఉస్మానియా బిస్కెట్లు కూడా తెచ్చాడు. అన్నీ నయమైపోయాయని కాదు. తలుపు వేసుకోవడం తగ్గింది.

ఇక తెలుగు వస్తుందని తీసుకొస్తే వాడికి ముందొచ్చింది హైదరాబాద్ ఉర్దూ. దానికి కారణం రాణిగంజ్ దగ్గర లేత్ మిషన్ నడిపే పెద్దాయన. మా వల్ల కానివి ఆయన దగ్గరికే పోతాయి. వాడు ఆయన్ని చాచా అంటాడు, ఆయన వీణ్ని "అమెరికా" అంటాడు. పరిచయం కూడా ఒక నష్టంతోనే అయింది. ఆయిల్ మార్చేటప్పుడు వాడు డ్రెయిన్ ప్లగ్గుని బలంకొద్దీ బిగించాడు. ఆయిల్ నిలిచే సంపు అల్యూమినియంది, మర చుట్లు పోయాయి. తప్పు నాదే, పెట్టిన బలం చేరగానే టిక్కుమనే టార్క్ రెంచ్ ఇంకా కొనలేదు, "గట్టిగా బిగించు" అన్నాను. చాచా చూసి "చూడీ మర్ గయీ" అన్నాడు. బోల్టు చుట్లని మెకానిక్కులు చూడీ అంటారని నాకు తెలుసు. గాజులెవరివని మావాడు అడిగాడు, హిందీ క్లాసులో నేర్పింది ఆ అర్థమే కదా. కొత్త చుట్లు వేసి, ప్లగ్గు తనే బిగించి, "జోర్ నక్కో, అమెరికా. బస్, ఇత్నాచ్" అన్నాడు ఆయన. బలం వద్దు, ఇంతే చాలు అని.

ఇత్నాచ్ అంటే ఎంత? ఇంటికొచ్చేదాకా అదే గొడవ. వాడికి మొదటి నుంచీ మన "తగినంత" అంటే మంట. నానమ్మని పులిహోర కొలతలడిగితే ఉప్పు తగినంత, పసుపు తగినంత, చింతపండు చూసుకుని అంటుంది. మాన్యువల్‌లో ఆ ప్లగ్గుకి 30 న్యూటన్ మీటర్లు అని ఉంది. టార్క్ రెంచ్ కొన్నాం. తర్వాత ఒకసారి చాచా చక్రం బిగిస్తే, వీడు ఆయన ముందే రెంచ్ 120కి పెట్టి ఐదు బోల్టులూ చూశాడు. నాలుగు టిక్కుమన్నాయి, ఒకటి పావు చుట్టు తిరిగింది. ఐదింట్లో నాలుగు సరిగ్గా వచ్చాయిగా అని ఆయన, ఒకటి వదులుందిగా అని వీడు. ఇద్దరూ గెలిచినట్టే చాయ్ తాగారు.

దసరాకి అమ్మ ఆయుధపూజ చేస్తే పానాలకీ, జాకీకీ, టార్క్ రెంచ్‌కీ కుంకుమ బొట్లు పడ్డాయి. లాప్‌టాప్ కేబులుకి కూడా. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ దగ్గరికి మాత్రం మావాడు రానివ్వలేదు.

వాడికిప్పుడు పదహారు. ఇల్లు మొత్తంలో ఎక్కువ పోట్లాట ఇక్కడే. మిషిగన్‌లో పద్నాలుగేళ్ల తొమ్మిది నెలలకే పెద్దలు పక్క సీట్లో ఉండగా నడిపే లైసెన్సు ఇస్తారు. అక్కడి వాడి స్నేహితులంతా స్కూలుకి కార్లు వేసుకెళుతున్న ఫోటోలు పెడుతున్నారు. ఇక్కడ పద్దెనిమిది నిండాలి. మైనరుకి బండి ఇస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, పాతిక వేలు జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పార్ట్ పార్ట్‌కీ చెయ్యి పెట్టిన బండిని వాడు పక్క సీట్లో కూర్చుని చూడాలి. మన చుట్టుపక్కల ఎంతమంది పదిహేనేళ్లవాళ్లు బుల్లెట్ల మీద తిరగట్లేదు అంటాడు. ఆ మాటకి నాకు కోపమొస్తుంది, వాడు చెప్పింది నిజం కాబట్టి. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాటకుండా నేను నడుపుతుంటే వాడు లాప్‌టాప్ పట్టుకుని అంకెలు రాస్తాడు. దిగేముందు ఒక నిమిషం ఇంజిన్ ఊరికే నడవనివ్వమని గుర్తుచేసేదీ వాడే. టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు. వెంటనే ఆపితే ఆ వేడికి బేరింగులో నిలిచిన ఆయిల్ మాడి గడ్డకడుతుంది. పొయ్యి కట్టేసినా పెనం చల్లారదు కదా.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీం కోర్టు కూడా గట్టిగా చెప్పింది. అందుకని రంగు, బాడీ, సీట్లు, సైలెన్సరు ముట్టుకోలేదు. చప్పుడు పెంచడం నాకూ నచ్చదు. పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించే సైలెన్సర్ల వీడియోలు మావాడు అసూయతో చూస్తాడనుకున్నాను, సంతోషంగా చూస్తాడు.

ఇప్పుడు పేజీ మీద ఉన్నది ఇంటర్‌కూలర్. మే నెల సాయంత్రం కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఇంజిన్‌లోకి వెళ్లే గాలే అరవై డిగ్రీలు దాటుతోంది. వేడిగాలి పలచన. దానికి తోడు, పెట్రోలు అదుపు తప్పి మండే నాకింగ్ భయంతో కంప్యూటరు స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. ఉన్న 150 కూడా చేతికి రావు. ముందు చల్లదనం, తర్వాతే రీమ్యాపు, అంటే పవరు పెరిగేలా ఇంజిన్ కంప్యూటరు లెక్కలు మార్చడం. పెట్రోలులో ఇథనాల్ ఇరవై శాతం అయ్యాక పాత రబ్బరు ఫ్యూయల్ గొట్టాలు కూడా మార్చేశాం. పదిహేనేళ్ల తర్వాత చేయించిన ఐదేళ్ల రెన్యువల్ ఈ ఏడాదితో అయిపోతుంది, మళ్లీ ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లాలి. రీమ్యాపు మాత్రం తనకి లైసెన్సు వచ్చేదాకా చెయ్యొద్దని వాడి షరతు. అప్పటికి కాలేజీకి అటు వెళతాడో ఇక్కడే ఉంటాడో వాడికీ తెలియదు.

నోట్‌బుక్ వాడే రాస్తాడు. తేదీ, పార్టు, కిలోమీటర్లు, టార్క్. పోయిన ఆదివారం బ్యాటరీ పట్టీ మార్చాడు. దాని అంకె వెతికితే దొరకలేదు. ఆ గడిలో తెలుగులో, కొంచెం వంకరగా, "తగినంతా" అని రాశాడు. మధ్యాహ్నం అమ్మ కాఫీ ఇవ్వడానికి సెల్లార్‌లోకి దిగి, కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ చదివి, వాడి చేతిలో పెన్ను తీసుకుని చివరి దీర్ఘం కొట్టేసింది.