నికాన్ లెన్స్‌కీ సోనీ బాడీకీ మధ్య 28.5 మిల్లీమీటర్లు

కెమెరా కంపెనీ మారదామనుకునేవాళ్లు ముందు బాడీ ధర చూస్తారు. తక్కువ డబ్బుల్లో మారాలనుకుంటే బాడీ సంగతి తర్వాత, ముందు బ్యాగులో ఉన్న లెన్స్‌లన్నీ మంచం మీద పరిచి చూసుకోమంటాను. ఏది కొత్త బాడీకి వస్తుంది, వస్తే ఏ పని చేస్తుంది, ఏ పని మానేస్తుంది? ఈ లెక్క తేలకుండా బాడీ కొంటే, అక్కడ మిగిలిన నాలుగు రూపాయలూ లెన్స్‌ల దగ్గర పోతాయి.

నా దగ్గర ఉన్నవి ఇవీ. నికాన్ డీ5300 బాడీ. దానితో వచ్చిన ఏఎఫ్-పీ 18-55 లెన్స్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 50 ఎంఎం ఎఫ్1.8డీ. ఇంకొకటి హీలియోస్ 44-2, సోవియట్ కాలపు జెనిట్ కెమెరాలతో వచ్చిన 58 ఎంఎం లెన్స్. మా వీధిలో నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన దగ్గర తీసుకున్నాను. తెల్లారగట్ల విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం, వీడియోలు, ఎప్పుడైనా పక్షులుండే కొండకర్ల ఆవ. వీటికి తేలికైన మిర్రర్‌లెస్ బాడీ, అంటే లోపల అద్దం లేనిది, కావాలనిపించింది. సోనీ ఏ6000 పాతది ఒకటి మంచి ధరకి దొరికింది.

"ఉన్న నికాన్‌లోనే ఉండొచ్చు కదా, లెన్స్‌లు వృథా కావు" అన్నవాళ్లున్నారు. అది కూడా లెక్క వేసి చూశాను. నికాన్ మిర్రర్‌లెస్ అయిన జెడ్ బాడీకి, పాత లెన్స్‌కీ దానికీ మధ్య పెట్టే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేస్తే నా 18-55 ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. 50 ఎంఎం డీ లెన్స్‌కి మాత్రం లోపల మోటార్ లేదు, బాడీలోంచి చిన్న స్క్రూడ్రైవర్ లాంటి కడ్డీ వచ్చి తిప్పాలి. ఎఫ్‌టీజెడ్‌లో ఆ కడ్డీ లేదు. నిజానికి నా డీ5300లో కూడా లేదు, మొదటి నుంచీ దాన్ని చేత్తోనే ఫోకస్ చేస్తున్నాను. అంటే సొంత కంపెనీలోనే ఉన్నా ఒక కిట్ లెన్స్ కోసం జెడ్ బాడీ ధర, పైన అడాప్టర్ ధర పెట్టుకోవాలి. నాకది గిట్టదు.

నాది ఆటోనగర్‌లో టూల్‌రూమ్ పని. రోజంతా మైక్రోమీటర్, డయల్ గేజ్‌తోనే కాలక్షేపం. అందుకేనేమో మౌంట్ (బాడీకి లెన్స్ బిగిసే చోటు) అంటే నాకు ముందు కనిపించేది రెండు ముఖాల మధ్య దూరం. లెన్స్ వెనక రింగు ఆనే ముఖం నుంచి సెన్సర్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. నికాన్ ఎఫ్ మౌంట్‌కి అది 46.5 మిల్లీమీటర్లు. కెనాన్ ఈఎఫ్‌కి 44. హీలియోస్‌కి ఉండే ఎం42 మర మౌంట్‌కి 45.46. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు కాబట్టి ఆ ఖాళీ అక్కర్లేదు. సోనీ ‘ఈ’ మౌంట్ (E) 18, ఫ్యూజీ ఎక్స్ 17.7, కెనాన్ ఆర్ఎఫ్ 20, నికాన్ జెడ్ 16.

లెన్స్‌కి కావలసిన దూరం బాడీ దూరం కంటే ఎక్కువైతే, ఆ తేడా మందంతో రింగు వేస్తే సరి. 46.5లోంచి 18 తీసేస్తే 28.5. నా నికాన్ అడాప్టర్ అంతే, లోపల గాజు లేదు, వైరు లేదు, ఖాళీ గొట్టం. తేడా అటు తిరిగితే మాత్రం రింగు పనిచేయదు. కెనాన్ ఈఎఫ్ లెన్స్‌ని నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే కెమెరాకి) పెట్టాలంటే లెన్స్ రెండున్నర మిల్లీమీటర్లు బాడీ లోపలికి దిగాలి. అది కుదరదు కాబట్టి మధ్యలో ఒక గాజు పెట్టి అమ్ముతారు. చవక గాజు పెట్టాక మంచి లెన్స్ ఉండి ఏం లాభం? నా హీలియోస్‌కి డీ5300 మీద ఇదే బాధ. 1.04 మిల్లీమీటర్లు చాలక దగ్గరి మొహాలు బాగా వచ్చేవి, దూరంగా ఉన్నదేదీ పదునెక్కేది కాదు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని దాంతో తీద్దామని ఎన్నాళ్లుగానో కోరిక. 1969లో సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన నేవీలో చేరిన బోటు అది, 2002 నుంచి ఒడ్డున మ్యూజియం. దాన్ని అదే దేశపు లెన్స్‌తో తీయాలనేది ఒక పిచ్చి. సోనీకి మారాక తీరింది.

అడాప్టర్ రాగానే నేను చేసే పని దాన్ని సర్ఫేస్ ప్లేట్ (కచ్చితమైన చదును బల్ల) మీద పెట్టి డయల్ గేజ్‌తో చుట్టూ చూడడం. నాది 28.41 ఉంది. 28.5 ఉండాల్సిన చోట 0.09 మిల్లీమీటర్లు తక్కువ. ఇది చేతకాక చేసింది కాదు, చవక అడాప్టర్లను కావాలనే కొంచెం పలచగా చేస్తారు. పలచగా ఉంటే లెన్స్ అనంతాన్ని (ఎంతో దూరంలో ఉన్నవి పదునుగా వచ్చే చోటుని) దాటి కూడా తిరుగుతుంది, కాబట్టి దూరం తప్పకుండా ఫోకస్ అవుతుంది. నా 50 ఎంఎం మీద ఆ 0.09 వల్ల, లెన్స్ తన లెక్కలో సుమారు 28 మీటర్ల దగ్గర ఉన్నప్పుడే నిజంగా అనంతం వచ్చేస్తుంది. రింగు మీద గీతని నమ్మి చివరి దాకా తిప్పితే దూరం మసకబారుతుంది. అదే 0.05 మందం ఎక్కువైతే కథ వేరు. చివరి దాకా తిప్పినా లెన్స్ 50 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పలచన అయితే సర్దుకోవచ్చు, మందమైతే ఆ అడాప్టర్ వెనక్కి పంపేయడమే.

మందం కంటే నేను ఎక్కువ భయపడేది వాలుకి. నాలుగు చోట్ల కొలిస్తే నాలుగు అంకెలొస్తే, ఫోటోలో ఒక పక్క పదును, ఇంకో పక్క మసక. గేజ్ లేనివాళ్లు కంగారుపడక్కర్లేదు. విశాఖలో దీనికి మంచి ఏర్పాటు ఉంది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నిలబడితే పోర్టు లోపలికి పిలుపు కోసం ఎదురుచూస్తూ లంగరేసిన ఓడలు వరసగా ఉంటాయి. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ఒక ఓడని ఫ్రేమ్‌లో ఎడమ చివర, తర్వాత మధ్యలో, తర్వాత కుడి చివర పెట్టి, ఫోకస్ కదపకుండా తీయండి. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే ఓడ క్రేన్ల దగ్గరే తెలిసిపోతుంది. మధ్యాహ్నం వద్దు, నీళ్ల మీద వేడికి గాలి అల్లాడుతుంది, తప్పు లెన్స్‌దో గాలిదో తేలదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. నికాన్ లెన్స్ బిగించే దిక్కు మిగతా కంపెనీలకి ఎదురు. కెమెరాకి ఎదురుగా నిలబడి చూస్తే నికాన్ లెన్స్ ఎడమకి తిరిగి బిగుస్తుంది, సోనీది కుడికి. అడాప్టర్‌ని సోనీకి పెట్టాక దాని మీద నికాన్ లెన్స్ బిగిస్తుంటే, మన చెయ్యి అడాప్టర్‌ని ఊడదీసే దిక్కులోనే బలం పెడుతోందన్నమాట. ఆపేది బాడీలోని ఆ చిన్న పిన్ను ఒక్కటే. అందుకే లెన్స్‌ని ముందు అడాప్టర్‌కి బిగించి, రెండూ కలిపి బాడీకి పెడతాను. పిన్ను గాడి వదులైతే ఫోకస్ రింగ్ తిప్పినప్పుడల్లా టక్ టక్‌మని ఆడుతుంది.

లోపలి రంగు కూడా చూడండి. నాది నల్లగానే ఉంది కానీ మెరుస్తోంది. హార్బర్‌లో సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు ఫోటో మొత్తం పాలిపోయేది. మెరుపు లేని నల్ల పెయింట్ రెండు పూతలు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి పెట్టాను. తేడా అక్కడికక్కడే కనిపించింది. పెయింట్ రేకులు ఊడి సెన్సర్ మీద పడకుండా ముందు లోపల గీకి, ఆ తర్వాతే పూయాలి, బద్ధకించకండి.

ఇక ఆ మూడు లెన్స్‌లు ఏమయ్యాయి? అందరికంటే ముసలిదైన హీలియోస్ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేసింది. అపర్చర్ రింగ్, ఫోకస్ రింగ్ రెండూ దాని మీదే ఉన్నాయి, ఎవరితోనూ మాట్లాడాల్సిన పనిలేదు. 50 ఎంఎం డీ కూడా అంతే. మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడనిచ్చే సెట్టింగ్ ఆన్ చేశాక పనిలోకి దిగింది. పాత బాడీలో ఆకుపచ్చ చుక్క వెలిగితే ఫోకస్ అయిందని నమ్మేవాణ్ని. ఇప్పుడు పదునైన అంచులు రంగులో మెరుస్తాయి, కావాలంటే పెద్దది చేసి చేప కన్ను దాకా చూసుకోవచ్చు. రెండు బాడీల్లో సెన్సర్ సైజు ఒకటే, కాబట్టి చూపు వెడల్పు కూడా మారలేదు. ఫోటో వివరాల్లో అపర్చర్ నంబర్ రాదు, అది నాకు పెద్ద లోటు కాదు.

అన్నిటికంటే కొత్తదైన 18-55 మాత్రం ఆ ఖాళీ గొట్టం మీద బొమ్మే. ఏఎఫ్-పీ లెన్స్‌లో ఫోకస్ రింగ్ నేరుగా గాజుని కదపదు, మోటార్‌కి చెబుతుంది. కరెంటు లేకపోతే రింగ్ ఎంత తిప్పినా ఏమీ జరగదు. పైగా జీ రకం కాబట్టి అపర్చర్ రింగ్ లేదు, వెనక లివర్‌ని అడాప్టర్ కదపాలి. ఆటోఫోకస్ ఇచ్చే ఎలక్ట్రానిక్ అడాప్టర్లున్నాయి, వాటి ధరకి సోనీకే ఒక పాత లెన్స్ వచ్చేస్తుంది. అందుకే డీ5300తో కలిపి దాన్నీ అమ్మేశాను. విడిగా కంటే బాడీతో కలిపితేనే ఇలాంటి లెన్స్‌కి విలువ.

నాకు తమాషాగా అనిపించేది ఇందులో ఉన్న చరిత్ర. 1959లో పెట్టిన ఎఫ్ మౌంట్‌ని నికాన్ పాత కస్టమర్ల కోసం దశాబ్దాలు మోసింది, ఆటోఫోకస్ వచ్చినా అదే మౌంట్‌లో కడ్డీలు, లివర్లు ఇరికించింది. కెనాన్ 1987లో పాత ఎఫ్‌డీ మౌంట్‌ని నిర్దాక్షిణ్యంగా వదిలేసి, లెన్స్‌లోనే మోటార్, అన్నీ వైర్ల మీదే నడిచే ఈఎఫ్ పెట్టింది. అప్పుడు పాతవాళ్ల తిట్లు తిన్న కంపెనీ లెన్స్‌లే ఇప్పుడు వేరే బాడీల మీదికి సుళువుగా వెళ్తున్నాయి.

మా చిన్న బావమరిది అనకాపల్లిలో పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాడు, వాడివన్నీ కెనాన్ ఈఎఫ్ లెన్స్‌లే. "ఏటి బావా, రింగొకటి ఏసేస్తే నీ సోనీకి పట్టేయదేటి?" అన్నాడు.

"పట్టేస్తాదిరా. పట్టాక పెళ్లికూతురు నడుస్తుంటే ఫోకస్ నిలబడతాదా అన్నదే లెక్క" అన్నాను.

వాడికి సిగ్మా ఎంసీ-11 లాంటి అడాప్టర్‌తో ఆటోఫోకస్ వస్తుంది. కానీ అది సిగ్మా తన లెన్స్‌ల కోసం చేసింది, కెనాన్ లెన్స్‌లతో ఒక్కోదానితో ఒక్కోలా ఉంటుంది. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు. డబ్బు తీసుకుని చేసే పనికి వాడు కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌కి వెళ్లి, కెనాన్ సొంత అడాప్టరే వాడుకోవడం మంచిదని చెప్పాను. వాడి దగ్గర చిన్న సెన్సర్ బాడీల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్స్ కూడా ఒకటుంది, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ ఆర్ బాడీ మీద అది సెన్సర్ మధ్య భాగాన్నే వాడుతుంది, మెగాపిక్సెళ్లు తగ్గుతాయి. అది తెలిసి కొనుక్కోమన్నాను.

నేను సోనీ వైపు మొగ్గడానికి అసలు కారణం వేరు. తన ‘ఈ’ మౌంట్ (E) వివరాలను సోనీ 2011లోనే వేరే లెన్స్ కంపెనీలకి ఇచ్చింది. అందుకే సిగ్మా, టామ్రాన్ లాంటివాళ్ల లెన్స్‌లు ఏళ్ల తరబడి మార్కెట్లో ఉన్నాయి, సెకండ్‌హ్యాండ్‌లోకీ వచ్చేశాయి. కెనాన్ ఆర్ఎఫ్‌లో చిన్న సెన్సర్ బాడీలకి సిగ్మా, టామ్రాన్ ఆటోఫోకస్ లెన్స్‌లు 2024లో గానీ మొదలవలేదు. పాత లెన్స్‌లతో అడాప్టర్ మీద కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, కానీ కొండకర్ల ఆవలో ఎగిరే కొంగని చేత్తో ఫోకస్ చేయడం నా వల్ల కాదు. అక్కడికి సొంత మౌంట్ లెన్స్ కావాలి.

అయితే ముందుగా సిగ్మా 30 ఎంఎం ఎఫ్1.4 పాతది చూస్తున్నాను. పక్షులకి కాదు, ఇంట్లో పిల్లలకీ వేలం పాట జరిగే చీకటి షెడ్డుకీ. మన ఊళ్లో పాత లెన్స్ కొనేటప్పుడు మొబైల్ టార్చ్ వెనక నుంచి వేసి ముందు నుంచి చూడండి. సముద్రపు తేమకి సాలెగూడులా ఫంగస్ పట్టి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. సాయంత్రం లైట్లలో కాదు, పగటి పూట చూపించమని అడగండి. వాళ్లు సణిగినా సరే.