మూడు పాత మెషీన్లు, ఒక స్పార్క్ క్లస్టర్: ఆరు వారాల లాగ్

పెద్దోడు, చిన్నోడు, ముసలోడు. ఇవి నా క్లస్టర్‌లో (కలిసి ఒకే పని చేసే గుంపులో) మెషీన్ల పేర్లు. పెద్దోడు 16 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్, మాస్టరూ (పని కేటాయించేది) డ్రైవరూ (నా ప్రోగ్రామ్‌ని నడిపించేది) అదే. చిన్నోడు నేను ఇంజినీరింగ్‌లో వాడిన లాప్‌టాప్. ముసలోడిని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. లాప్‌టాప్‌లు రెండిటికీ 8 జీబీయే. అన్నిటికీ నాలుగేసి కోర్లు. వీటి మీద అపాచీ స్పార్క్ 3.4 (పెద్ద డేటా పనిని చాలా మెషీన్లకి పంచి చేయించే సాఫ్ట్‌వేర్) స్టాండలోన్ మోడ్‌లో, అంటే దాని సొంత మేనేజర్‌తోనే నడిపి, వికీమీడియా గంటకొకటి చొప్పున విడుదల చేసే పేజీవ్యూ ఫైళ్ల నుంచి ఒక్కో భాషలో జనం ఎక్కువగా చూసిన వంద పేజీలు తేల్చాలని సరదా. ఆఫీసులోనూ స్పార్కే వాడతాను, కాకపోతే అక్కడ క్లస్టర్ ఎవరో పెట్టి ఇస్తారు. ఇక్కడ ఆ ఎవరో నేనే.

మొదటి వారం

మాస్టర్ లేచింది, 8080లో పేజీ కూడా వచ్చింది. వర్కర్లు (అసలు పని చేసేవి) మాత్రం ఒక్కటీ చేరలేదు. పెద్దోడిలో ఉబుంటు ఉంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది హోస్ట్స్ ఫైల్‌లో (ఏ పేరుకి ఏ అడ్రసో ఉండే చోట) మెషీన్ పేరుకి 127.0.1.1 అని, ఆ మెషీన్ లోపలే పనిచేసే అడ్రస్ రాసి పెడుతుంది. దాంతో మాస్టర్ 7077 పోర్టుని ఆ అడ్రస్ మీదే తెరిచి కూర్చుంది. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ వినపడకుండా తలుపు తీసినట్టు. హోస్ట్స్ ఫైల్‌లో మూడింటి అసలు ఐపీలు రాసి, స్పార్క్-ఎన్వ్ ఫైల్‌లో మాస్టర్ హోస్ట్ కూడా ఐపీతోనే ఇచ్చాక వర్కర్లు చేరాయి.

వెంటనే రెండోది. జాబ్ పెడితే కదలదు. టెర్మినల్‌లో పదిహేను సెకన్లకోసారి ఒకటే పాట: జాబ్ ఇంకా ఏ రిసోర్సులూ అందుకోలేదు, వర్కర్లు రిజిస్టర్ అయ్యాయో లేదో, సరిపడా రిసోర్సులు ఉన్నాయో లేదో చూసుకో అని. నమ్మి రెండు గంటలు మెమరీ సెట్టింగులు తగ్గిస్తూ పోయాను. చివరికి మాస్టర్ పేజీలో అప్లికేషన్ మీద నొక్కితే బయటపడింది: ఎగ్జిక్యూటర్లు (వర్కర్ల మీద జాబ్ పని చేసే ప్రాసెస్‌లు) పుడుతున్నాయి, కాసేపటికి ఎగ్జిటెడ్ అని చచ్చిపోతున్నాయి, మళ్లీ కొత్తవి పుడుతున్నాయి. నంబరు అప్పటికే నూట యాభై దాటింది. వర్కర్ పేజీ నుంచి ఒక ఎగ్జిక్యూటర్ స్టడ్‌ఎర్ర్ (stderr, ఎర్రర్లు పడే లాగ్) తెరిస్తే, డ్రైవర్‌కి కనెక్ట్ కాలేకపోతున్నానని స్పష్టంగా ఉంది. డ్రైవర్ పోర్టు ఎప్పటికప్పుడు మారుతుంది, నేనేమో ఫైర్‌వాల్‌లో 7077 ఒక్కటే తెరిచాను. ఇంటి నెట్‌వర్క్ కదా అని 192.168.1 రేంజ్ మొత్తానికీ అనుమతి ఇచ్చేశాను. ఇప్పుడు ఏం తేడా వచ్చినా ముందు స్టడ్‌ఎర్రే తెరుస్తున్నాను, టెర్మినల్ మాట తర్వాత.

రెండో వారం

ఫైల్ లేదంది. పెద్దోడిలో ఉంది, మిగతా రెండిటిలో లేదు. లోకల్ పాత్ ఇస్తే అదే పాత్‌లో అదే ఫైల్ ప్రతి మెషీన్‌లోనూ ఉండాలి. సరే, కాపీ చేశాను. జాబ్ పచ్చగా పూర్తయింది. అవుట్‌పుట్ ఫోల్డర్ తెరిస్తే లోపల సక్సెస్ అనే ఖాళీ ఫైల్ ఒక్కటే! డేటా ఏదీ? ఎవరి ముక్క వాళ్లు తమ డిస్క్‌లోనే టెంపరరీ ఫోల్డర్‌లో రాసుకున్నారు. డ్రైవర్ తన దగ్గర వెతికి, ఏమీ లేకపోయినా జెండా ఎగరేసి వెళ్లిపోయింది. పెద్దోడి హార్డ్‌డిస్క్‌ని ఎన్‌ఎఫ్‌ఎస్‌తో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే పద్ధతితో) అందరికీ ఒకే పాత్‌లో మౌంట్ చేశాక ఈ గొడవ తీరింది. ముగ్గురికి హెచ్‌డీఎఫ్‌ఎస్ (ఫైళ్లని ముక్కలు చేసి చాలా మెషీన్లలో దాచే వ్యవస్థ) పెట్టడం దోమకి ఫిరంగి అనిపించింది.

మూడో వారం

ఇది పూర్తిగా నా తెలివితక్కువతనం. రోజుకి 24 ఫైళ్లు చిందరవందరగా ఉన్నాయని, నీట్‌గా ఉంటుందని ఒకే జీజిప్ (కుదించిన) ఫైల్‌గా కలిపేశాను. జీజిప్‌ని మధ్యలో నుంచి చదవడం కుదరదు. ఒక ఫైల్ అంటే ఒక టాస్క్. ఉన్న కోర్లలో ఒకటి చెమటలు కక్కుతుంటే మిగతావన్నీ చోద్యం చూశాయి. మళ్లీ గంటల ఫైళ్లే పెట్టి, ఒక్కసారి చదివి పార్కెట్‌లోకి (ముక్కలుగా చదవగలిగే ఫైల్ ఫార్మాట్‌లోకి) మార్చేసుకున్నాను.

నాలుగో వారం

అసలు పాఠం ఇక్కడే. భాషా కోడ్ మీద విండో పెట్టి (ఒక్కో భాషని ఒక్కో గుంపు చేసి), ఎక్కువ చూసినవి ముందుండేలా రో నంబర్ వేసి, వంద లోపు ఉంచుకోవడం. కాగితం మీద రెండు లైన్లు. నడిపితే మిగతా టాస్కులు చకచకా అయిపోయి చివరిది ఆగిపోయింది. 4040 పోర్టులో స్టేజ్ (జాబ్‌లో ఒక దశ) పేజీ తెరిస్తే టాస్కుల టైము మీడియన్ 3 సెకన్లు, మ్యాక్స్ 14 నిమిషాలు. ఈ రెండు అంకెల మధ్య ఇంత దూరం ఉంటే డేటా ఒక పక్కకి ఒరిగిపోయినట్టే. ఇంగ్లిష్ వికీపీడియా పేజీలన్నీ ఒకే కీ కింద, ఒకే టాస్క్‌లో పడ్డాయి.

షఫుల్ పార్టిషన్లు (కీ ప్రకారం డేటాని మెషీన్ల మధ్య పంచేటప్పుడు చేసే ముక్కలు) 200 నుంచి 800 చేశాను. ఏం మారలేదు, మారదు కూడా: ఒకే కీ ఎప్పుడూ ఒకే పార్టిషన్‌లోకే వెళ్తుంది. అడాప్టివ్ ఎగ్జిక్యూషన్ (జాబ్ నడుస్తుండగానే ప్లాన్ మార్చుకునే ఏర్పాటు) స్పార్క్ 3.2 నుంచి డీఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంది కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను. అది ఒరిగిన జాయిన్లని (రెండు పట్టికలు కలిపే పనుల్ని) ముక్కలు చేస్తుంది, విండోల జోలికి రాదు.

చివరికి సాల్టింగ్ చేశాను, అంటే ఒకే పెద్ద కీని కావాలనే చిన్న గుంపులుగా విడగొట్టడం. ముందు గంటల లెక్కలన్నీ కలిపి పేజీకి ఒకే వరస ఉండేలా చేయాలి (ఇది మరిచిపోతే జవాబే తప్పవుతుంది). తర్వాత ప్రతి వరసకీ 0 నుంచి 15 లోపు ఒక అంకె తగిలించి, భాష, అంకె కలిపి విండో. ఒక్కో గుంపులో వంద మంది మిగులుతారు. వాళ్లందరినీ కలిపి మళ్లీ వంద. రాష్ట్రంలో మొదటి వందలో ఉన్న పిల్లాడు తన జిల్లాలోనూ మొదటి వందలో ఉండి తీరాలి కదా, అదే లెక్క. 14 నిమిషాలది నిమిషంన్నరకి దిగింది. ఇంత చేశాక తెలిసింది, 3.5 వెర్షన్‌లో ఇలాంటి టాప్-ఎన్ ప్రశ్నలకి షఫుల్ ముందే కోత పెట్టే ఏర్పాటు వచ్చిందని. నవ్వాలో ఏడవాలో!

ఇంకొకటి: తెలుగుకి డెస్క్‌టాప్ లెక్క ఒక కోడ్ కింద, మొబైల్ లెక్క చివర ఎమ్ తగిలించిన ఇంకో కోడ్ కింద వస్తాయి. కలపకపోతే మొదటి_పేజీ రెండు జాబితాల్లోనూ కనిపిస్తుంది.

ఐదో వారం

ముసలోడి ఎగ్జిక్యూటర్ 137 కోడ్‌తో పోతోంది. అంటే లైనక్స్ మెమరీ చాలక చంపేసింది. 6 జీబీ ఇచ్చాను, 4కి తగ్గించాను. ఇప్పుడు ఎర్రరే మారిపోయింది: డిస్క్‌లో చోటు లేదట. 200 జీబీ ఖాళీ ఉన్న డిస్క్‌లో! డీఎఫ్ (చోటు ఎంతుందో చూపే కమాండ్) కొట్టి చూస్తే టీఎంపీ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్ సైజు 3.8 జీబీ. ముసలోడిలో ఫెడోరా ఉంది, అందులో టీఎంపీ ఉండేది డిస్క్‌లో కాదు, ర్యామ్‌లో. స్పార్క్ షఫుల్ ఫైళ్లు డీఫాల్ట్‌గా అక్కడే పడతాయి. డిస్క్‌కి వెళ్లాల్సిన చెత్తంతా ర్యామ్‌లోనే పోగవుతోందన్నమాట. లోకల్ డైరెక్టరీని హోమ్ కిందికి మార్చాను. అప్పటి నుంచి ముసలోడు కిక్కురుమనలేదు.

ఆరో వారం

రాత్రి వారం రోజుల డేటా పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే చిన్నోడు లేడు.

"మూత తెరిచి పెడితే దుమ్ము పడుతుంది కదరా, ఊడుస్తూ నేనే వేశాను" అంది అమ్మ.

మూత వేసినా నిద్రపోకుండా లాగిన్‌డీ సెట్టింగ్ మార్చాను. అమ్మ మూత వేసుకోవచ్చు, వాడు పని చేసుకోవచ్చు.

మర్నాడు నాలుగు నిమిషాలు కరెంటు పోయింది. పెద్దోడు ఇన్వర్టర్ మీద, మిగతావి బ్యాటరీ మీద. ముగ్గురూ బతికే ఉన్నారు, ఒకరికొకరు కనపడట్లేదు: నెట్‌వర్క్ స్విచ్ ఉన్న హాలు ప్లగ్‌కి ఇన్వర్టర్ లైన్ లేదు. 60 సెకన్లు హార్ట్‌బీట్ (బతికే ఉన్నానన్న సంకేతం) రాకపోతే మాస్టర్ ఆ వర్కర్ చచ్చిపోయిందని రాసేసుకుంటుంది. కరెంటు వచ్చాక అవి తిరిగి చేరాయి గానీ వాటి పాత షఫుల్ ఫైళ్లు లెక్కలోకి రాలేదు, అయిపోయిన స్టేజ్ మళ్లీ మొదటి నుంచి. టైమవుట్లు పెంచుదామని కూర్చుని, మనసు మార్చుకుని బెడ్‌రూమ్ ఇన్వర్టర్ ప్లగ్ నుంచి హాలు దాకా ఎక్స్‌టెన్షన్ వైరు లాగాను. గుమ్మం దగ్గర కాలికి తగులుతోందని నాన్న రోజూ విసుక్కుంటున్నారు. ఈ ఆదివారం దానికి క్లిప్పులు కొట్టాలి.