మా ఇంట్లో అప్ప అంటే అక్క

శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్లలో అక్కని 'అప్ప' అంటారు. మిగతా చోట్ల 'అప్పచెల్లెళ్లు' అని జంటగా వినిపిస్తుంది గానీ, విడిగా పిలుపుగా తక్కువ. మా అమ్మ తన అక్కని అప్ప అంది, నేను మా అప్పని అలాగే పిలిచాను. న్యూజెర్సీలో పుట్టిన మా బాబూ వాళ్ల అప్పని అలాగే పిలుస్తాడు. మేం పనిగట్టుకుని నేర్పింది కాదు, ఇంట్లో వింటూ పట్టేశాడు.

మా పై అంతస్తులో కొరియా కుటుంబం ఉంటుంది. వాళ్ల పాపకి 'అప్పా' అంటే నాన్న. పక్కింటి తమిళ పిల్లాడికీ నాన్నే. ముగ్గురూ కింద ఆడుకుంటున్నప్పుడు మావాడు "అప్పా, బాల్ ఇలా వెయ్!" అని అరిస్తే, ఆ ఇద్దరూ వాళ్ల నాన్నలు వచ్చారేమోనని వెనక్కి తిరిగి చూస్తారు. "మీ సిస్టర్‌ని డాడీ అంటావేంటి?" అని ఆ పాప అడిగిందట. అది పిల్లల సరదా, పర్వాలేదు. ఆదివారం తెలుగు క్లాసులో జరిగింది మాత్రం నాకు నచ్చలేదు. కుటుంబం పాఠంలో వీడు 'అప్ప' అని రాస్తే కొట్టేసి 'అక్క' అని దిద్దారు. పైగా అది తమిళ మాట అన్నారట. ఒళ్లు మండింది. ఇంకో జిల్లావాళ్ల మాట భాష, మా మాట తప్పా?

వేసవి సెలవులకి విజయనగరం వెళ్తే వాడికి కొత్త అనుమానం పుట్టింది. వీధిలో ఒక అప్పలరాజు, పాలు పోసే అప్పలనాయుడు, ఎదురింటి అప్పలనరసమ్మ. "వీళ్లందరూ ఎవరికి అక్కలు?" అన్నాడు. వాళ్ల తాత పడీపడీ నవ్వి, సింహాచలం సంగతి చెప్పారు. కొండ మీది నరసింహస్వామిని ఇటువైపు జనం అప్పన్న అంటారు, ఈ పేర్లన్నీ ఆయనవే. ఆ అప్ప అంటే తండ్రి. గుడికి అనువంశిక ధర్మకర్తలు విజయనగరం పూసపాటి రాజవంశం వాళ్లే కాబట్టి, స్వామి పక్క జిల్లాలో ఉన్నా మా ఊళ్లో అందరికీ సొంత మనిషే. ఏడాదంతా చందనం పూతలో ఉండే ఆయన నిజరూపం అక్షయ తృతీయ నాడే కనిపిస్తుంది. ఇంట్లో అప్ప అక్క, కొండ మీద అప్ప తండ్రి. ఎవరూ తికమకపడరు. గురజాడ ఇంటి ముందు బోర్డు చదివి మావాడు "సిస్టర్ రావు" అన్నప్పుడు మాత్రం మా నాన్నకి కాస్త కోపం వచ్చింది.

ఈలోగా మా చిన్నాన్న వాట్సాప్‌లో వచ్చింది చూపించారు. కొరియా భాష మన ద్రావిడ భాషల్లోంచే పుట్టిందట, అమ్మని వాళ్లు 'ఒమ్మా' అనడమే సాక్ష్యమట. ఈ వాదన కొత్తదేం కాదు. కొరియాలో ఉన్న హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే ఆ భాషనీ ద్రావిడ భాషలనీ పోల్చి పుస్తకం వేశాడు. భాషావేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. అమ్మానాన్నల మాటలు ఎక్కడెక్కడో కలవడానికి చుట్టరికం అక్కర్లేదు. మాటలు రాని పిల్లలకి మొదట పలికేవి పెదాలు కలిపే మ, ప, బ లాంటి శబ్దాలే. పిల్ల 'మమమ' అంటే అమ్మ తననే అనుకుంటుంది, 'పపప' అంటే నాన్న తననే అనుకుంటాడు. భాషావేత్త రోమన్ జాకబ్సన్ చెప్పింది ఇంచుమించు ఇదే. ఎవరికి ఏ శబ్దం దక్కుతుందన్నది ఊరూరికీ మారుతుంది. జార్జియా దేశంలో 'మామా' అంటే నాన్న, 'దెదా' అంటే అమ్మ! మనకేమో మామ ఇంకొకరు.

అక్కల సంగతి ఇంకా తమాషా. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే 'అపా' అన్నా అక్కే. ఉర్దూలో 'ఆపా' అక్క, అది టర్కిక్ భాషల నుంచి వచ్చింది. ఉజ్బెక్‌లో 'ఓపా' కూడా అక్కే. ఇవన్నీ చెప్తే చిన్నాన్న ఆ ఫార్వర్డ్ వదిలేసి, అయితే ఉజ్బెకిస్తాన్ కూడా మనదే అన్నారు. ఆయనతో వాదించి లాభం లేదు. పిల్లాడితో మాత్రం ఒకటే చెప్పాను: కొరియా వాళ్లది వాళ్లదే, మనది మనదే, క్లాసు పరీక్షలో కావాలంటే 'అక్క' రాసుకో, ఇంట్లో మాత్రం అప్పే.

వాడికి అది చాల్లేదు. మరి కొరియాలో అక్కని ఏమంటారని పై ఇంటి పాపకి వీడియో కాల్ చేసి అడిగాడు. మగపిల్లలైతే 'నూనా' అనాలి, ఆడపిల్లలైతే 'ఒన్నీ' అనాలి. పిలిచేవాళ్లని బట్టి మాట మారడం వాడికి తెగ నచ్చేసింది. మర్నాడు పొద్దున్నే నిద్ర లేచి "నూనా! నూనా!" అని ఇల్లంతా తిరుగుతుంటే, వంటింట్లోంచి మా అమ్మ, "ఏటిరా, పొద్దున్నే నూనెందుకురా నీకు?" అంది.