కొండ మీది నేతగాళ్ళ ఊరు

మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్లో లీడ్స్ వైపు వెళ్ళే రైలెక్కితే ముప్పావుగంటలోపే హెబ్డెన్ బ్రిడ్జిలో దిగొచ్చు. లిటిల్‌బరో దాటగానే రైలు ఒక సొరంగంలో దూరుతుంది. ఎంతసేపటికీ బయటికి రాదు. సమ్మిట్ టన్నెల్ అంటారు దాన్ని. 1841లో పూర్తయినప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన రైలు సొరంగం అదేనట, రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. అది దాటాక లోయ ఇరుకైపోతుంది. కాల్డర్ నది, రాచ్‌డేల్ కాలువ, రోడ్డు, రైలు పట్టాలు నాలుగూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. రెండు పక్కలా నిటారు కొండలు, వాటి మీద గొర్రెలు, చినుకులు.

మాంచెస్టర్‌లో ఉండే మా తమ్ముడు నాకు లండన్ చూపించాలని ప్లాను వేశాడు. నేనే వద్దన్నాను. "ఇక్కడ కూడా ఒకప్పుడు మగ్గాలుండేవి కదరా, ఆ ఊరు ఏదైనా ఉంటే చూపించు" అని అడిగాను. మాది చీరాల. నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. మాంచెస్టర్ మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాల పొట్ట కొట్టిందన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగాం. ఆ మాంచెస్టర్ దాకా వచ్చి లండన్‌లో గడియారం చూసి పోవడం నాకు నచ్చలేదు.

హెబ్డెన్ బ్రిడ్జి సంత ఊరు. హెబ్డెన్ వాటర్ అనే ఏరు వచ్చి కాల్డర్‌లో కలిసేచోట ఉంది. ఏటి మీద పాత రాతి వంతెన 1510 ప్రాంతంలో కట్టింది, అంతకు ముందు కర్ర వంతెన ఉండేదట. ఉన్ని బట్ట మోసుకుంటూ బరువు గుర్రాలు కొండ దిగి ఈ వంతెన మీదుగా అవతలి కొండ ఎక్కేవి. సన్నటి వంతెన, ఎదురెదురుగా రెండు గుర్రాలు వస్తే ఒకటి ఆగాల్సిందే. మేం వెళ్ళినరోజు సంత ఉంది. జున్ను, రొట్టెలు, పాత బట్టలు, మొక్కలు అమ్ముతున్నారు. మా మరదలు జున్ను దగ్గర ఆగిపోయింది. నేనూ తమ్ముడూ ఇళ్ళు చూస్తూ నిలబడ్డాం.

ఆ ఇళ్ళ గురించి కొంచెం చెప్పాలి. లోయలో చదును నేల లేదు. మిల్లులు వచ్చాక పనివాళ్ళు పెరిగారు, ఉండటానికి చోటు లేదు. దాంతో టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా ఒక ఇంటి మీద ఇంకో ఇల్లు పేర్చారు. వరసంతా నాలుగంతస్తులు. కింది రెండు అంతస్తులు ఒక కుటుంబానివి, గుమ్మం కింది వీధిలోకి, వెనక గోడ కొండకు ఆనుకుని ఉంటుంది. పై రెండు అంతస్తులు వేరే కుటుంబానివి, గుమ్మం కొండ వైపున్న పై వీధిలోకి. కింది వీధిలో నిలబడి చూస్తే నాలుగంతస్తుల మేడ, పై వీధిలో నుంచి చూస్తే మామూలు రెండంతస్తుల ఇల్లు. పైవాళ్ళకి కింద నేల లేదు, కిందివాళ్ళకి పైన కప్పు లేదు. ఇలాంటి ఇంటి హక్కులకు ఇంగ్లీషు చట్టంలో ప్రత్యేకంగా ఒక ఏర్పాటే ఉందని, ఇల్లు కొనేటప్పుడు లాయర్లకు అదో తలనొప్పని తమ్ముడు చెప్పాడు. కట్టింది ఇక్కడ దొరికే ఇసుకరాయితోనే. మిల్లుల పొగ పట్టి నల్లబడింది.

పాత వంతెన దగ్గర నుంచే కొండ మీది హెప్టన్‌స్టాల్ అనే ఊరికి దారి. దాని పేరు బట్రెస్. రాళ్ళు పరిచిన పాత గుర్రాల బాట, గోడ ఎక్కుతున్నట్టు నిటారుగా ఉంటుంది. చిన్న బస్సు కూడా ఉంది. "అక్కా, నీ మోకాళ్ళకి బస్సే మంచిది" అన్నాడు తమ్ముడు. ఎక్కేటప్పుడు నడుస్తాను, దిగేటప్పుడు బస్సెక్కుదాం అన్నాను. తడిసిన రాళ్ళ మీద దిగడం కన్నా ఎక్కడమే నయం. ఆగి ఆగి ఎక్కుతుంటే తమ్ముడు ఫోన్లో చదివి ఒక కథ చెప్పాడు. 1643లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరుగుతున్నప్పుడు పైన ఊళ్ళో పార్లమెంటు పక్షంవాళ్ళు ఉన్నారు. రాజు సైన్యం ఈ దారినే ఎక్కి రాబోతే పైనుంచి బండరాళ్ళు దొర్లించారట. సగం దారిలో నిలబడి పైకి చూస్తే తుపాకులతో పని లేదనే అనిపించింది.

హెప్టన్‌స్టాల్ చిన్న ఊరు. ఒకటే పెద్ద వీధి, రాళ్ళు పరిచింది. ఈ గాలి కొండ మీద ఊరెందుకు కట్టుకున్నారో పైకి వచ్చి చూస్తే తెలుస్తుంది. అప్పట్లో లోయ అడుగంతా చిత్తడి, అడవి. మనుషులు తిరిగే దారులన్నీ కొండల నడుమెత్తున వెళ్ళేవి. కాబట్టి ముందు పుట్టింది పై ఊరే. కింది ఊరు చాలాకాలం వంతెన దగ్గర నాలుగిళ్ళే. నీటి చక్రాలతో మిల్లులు మొదలై, 1804లో కాలువ, 1840ల్లో రైలు వచ్చాక జనం, డబ్బు కిందికి దిగాయి. పై ఊరు ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. కొత్తగా కట్టడానికి ఎవరి దగ్గరా డబ్బు లేక మిగిలిన అందం ఇది.

నేను చూడాలనుకున్నవి కిటికీలు. నేతగాళ్ళ ఇళ్ళకి పై అంతస్తులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వరసగా చిన్న చిన్న కిటికీలు, మధ్యలో సన్నటి రాతి నిలువులు. ఆరు, ఎనిమిది, ఇంకా ఎక్కువ కూడా. అదంతా మగ్గం మీద వెలుగు పడటానికే. ఈ దేశంలో ఎండ ఎంత కరువో ఆ కిటికీలను చూస్తే అర్థమవుతుంది. చీరాలలో మా మగ్గం గుంట వీధి తలుపు పక్కనే ఉండేది, అదీ వెలుగు కోసమే. మబ్బు పట్టినరోజు పడుగులో తెగిన పోగు కనపడక నాన్న విసుక్కునేవాడు. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బే. వీళ్ళెంత విసుక్కునేవాళ్ళో!

వీళ్ళు నేసింది ఉన్ని. కెర్సీ అనే ముతక బట్ట. పిల్లలు ఉన్ని ఏకితే, ఆడవాళ్ళు రాట్నం మీద వడికితే, మగవాళ్ళు నేసేవాళ్ళు. ఒక్క మగ్గానికి నూలు అందించాలంటే వడికే చేతులు నాలుగైదు కావాలి. నేతతో పాటు కాస్త నేల, ఒక ఆవు, ఓట్స్ పంట. బట్ట నేశాక ఏటి దగ్గర మరకు పంపి చిక్కబడేలా తొక్కించి, మళ్ళీ పైకి తెచ్చి పొలంలో కర్ర చట్రాలకు కొక్కేలతో బిగించి ఆరబెట్టేవాళ్ళు. అమ్మకానికి ఊళ్ళోనే బట్టల హాలు కట్టుకున్నారు. 1550 అటూఇటూ కట్టిన ఆ భవనం ఇప్పటికీ ఉంది, ఇళ్ళుగా మారింది. తర్వాత 1779లో పక్కనే హాలిఫాక్స్‌లో 315 గదులతో పీస్ హాల్ అనే పెద్ద అంగడి తెరిచారు. బేరాలన్నీ అక్కడికే పోయాయి.

ఆ తర్వాత మరమగ్గం వచ్చింది. చేతిమగ్గం మీద పత్తి బట్ట నేసేవాళ్ళే 1820ల్లో బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా ఉండేవాళ్ళని చరిత్రకారుల అంచనా. పాతికముప్పై ఏళ్ళలో వాళ్ళలో చాలామంది కనుమరుగయ్యారు. ఒకేసారి పని పోలేదు. కూలి తగ్గుతూ పోయింది, తగ్గిన కూలికి ఇంకా ఎక్కువ గంటలు నేశారు, చివరికి పిల్లల్ని కింది మిల్లుకి పంపారు. ఈ వరస నాకు కొత్త కాదు, మా వీధిలో చూసిందే. మాంచెస్టర్ మర మన పొట్ట కొట్టడానికి ముందో, అదే సమయానికో, పక్క కొండ మీది తన సొంత నేతగాడి పొట్ట కూడా కొట్టింది. ఆ సంగతి మాకు బడిలో ఎవరూ చెప్పలేదు. మన బాధ దీంతో తగ్గదు. పైగా ఇక్కడివాళ్ళకి వెళ్ళడానికి కింద మిల్లులైనా ఉన్నాయి, మనవాళ్ళకి అదీ లేదు.

వీధి పక్కనే ఒకే ఆవరణలో రెండు చర్చిలున్నాయి. పాతది 13వ శతాబ్దంలో మొదలైంది. 1847లో గాలివానకి బాగా దెబ్బతింటే, దాన్ని అలాగే వదిలేసి 1854కల్లా పక్కన కొత్తది కట్టారు. పాతదానికి గోడలు, కమానులు మిగిలాయి, కప్పు లేదు. నేలంతా సమాధి రాళ్ళే, వాటి మీద నడవక తప్పదు. మనకి కాలు పెట్టడానికి మనసొప్పదు, అక్కడి పిల్లలు వాటి మీదే ఆడుకుంటున్నారు.

ఆ రాళ్ళలో ఒకదాని మీద నాణేలు పెట్టి ఉన్నాయి. అది డేవిడ్ హార్ట్లీది. పక్కన క్రాగ్ వేల్ లోయలో దొంగ నాణేల ముఠా నాయకుడు, ఊరివాళ్ళు రాజా అని పిలిచేవాళ్ళట. బంగారు నాణేల అంచులు కత్తిరించి, ఆ తునకలు కరిగించి కొత్తవి పోసేవాళ్ళు. పట్టుకోవడానికి వచ్చిన విలియం డైటన్ అనే ఎక్సైజు అధికారిని 1769 నవంబరులో హాలిఫాక్స్‌లో కాల్చి చంపించారు. 1770 ఏప్రిల్లో హార్ట్లీని యార్క్‌లో ఉరితీశారు. చనిపోయిన అధికారికి పువ్వు పెట్టేవాళ్ళు ఎంతమందో గానీ, దొంగకి మాత్రం చిల్లర బాగానే పడుతోంది.

రోడ్డు అవతల కొత్త శ్మశానంలో అమెరికన్ కవయిత్రి సిల్వియా ప్లాత్ సమాధి ఉంది. 1963లో ముప్పై ఏళ్ళకే చనిపోయింది. భర్త, కవి టెడ్ హ్యూస్ పక్క ఊరు మైథమ్‌రాయిడ్‌లో పుట్టినవాడు, వాళ్ళ కుటుంబం ఇక్కడ ఉండేది, అందుకని ఇక్కడ పూడ్చారు. రాయి మీద పేరు చివర హ్యూస్ అన్న అక్షరాలను, భర్త మీద కోపంతో ఆమె అభిమానులు ఎన్నోసార్లు చెక్కి తీసేశారు. కాళ్ళ దగ్గర పెన్నులు గుచ్చి ఉన్నాయి. భీకర మంటల మధ్య కూడా బంగారు తామర నాటవచ్చు అని రాయి మీద ఒక మాట ఉంది. ఇది భగవద్గీతలోదని చాలాచోట్ల రాసేశారు. తమ్ముడు కూడా అదే అన్నాడు. గీతలో అలాంటి శ్లోకం లేదు, అది ఒక పాత చైనా నవలలోది. తామర కనపడితే చాలు, మన ఖాతాలో వేసేస్తున్నారు.

ఎనిమిది మూలల మెథడిస్టు చాపెల్ బయటినుంచే చూశాం. 1764 నాటిది. మెథడిస్టు శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ ఇక్కడికి వచ్చి ప్రసంగించేవాడు. జనం పట్టక తర్వాత పొడిగించారు కాబట్టి ఇప్పుడు ఎనిమిది మూలలు సమానంగా లేవు.

బస్సులో కిందికి వచ్చాం. సెయింట్ జార్జ్ స్క్వేర్‌లో పెద్ద కత్తి ఆకారంలో ఒక ఎండ గడియారం నిలబెట్టారు. ఆ ఎండ ఎప్పుడొస్తుందో మరి. కత్తి మాత్రం ఊరికే పెట్టింది కాదు. కింది ఊరు బతికింది ఫస్టియన్ మీద, అంటే కార్డురాయ్ లాంటి మందపాటి పత్తి బట్ట. పడుగు మీద పేక పోగుల్ని వదులుగా తేలేలా నేసి, సన్నటి పొడవాటి కత్తిని ఆ వరసల్లో దూర్చి కోస్తే నూగు లేచి చారలు పడతాయి. పొడవాటి బల్ల మీద బట్ట పరిచి, కత్తి పట్టుకుని దాని వెంట పొద్దస్తమానం నడవాలి. ఒక్క చోట చెయ్యి వణికితే బట్టకి కన్నం. నేత కంటే ఈ పనే కష్టమనిపించింది నాకు. పనిబట్టలు, ప్యాంట్లు ఇక్కడి నుంచి దేశమంతా పోయేవి కాబట్టి దీన్ని ప్యాంట్ల ఊరు అనేవాళ్ళు. 1870లో ఫస్టియన్ పనివాళ్ళే సహకార సంఘం పెట్టుకుని నట్‌క్లఫ్ మిల్లు కొని నడిపారు. 1918 దాకా నడిచింది.

20వ శతాబ్దం సగం దాటాక మిల్లులు మూతపడ్డాయి. ఇళ్ళు ఖాళీ అయ్యాయి, కొన్ని వరసలు కూలగొట్టారు. 1970ల్లో చిత్రకారులు, రచయితలు, హిప్పీలు చవగ్గా దొరుకుతున్నాయని వచ్చి చేరారు. వాళ్ళ వల్లే ఊరు నిలబడింది, పేరొచ్చింది, ఆ పేరుతో ఇళ్ళ ధరలు పెరిగాయి. ఇంకో బెడద వరద. 2015 డిసెంబరు 26న ఊరంతా మునిగింది. లోయ నిటారు, పైన వర్షాన్ని పట్టి ఉంచే చెట్లు తక్కువ, నీళ్ళు ఒక్కసారిగా దిగుతాయి. ఇప్పుడు ఎగువన హార్డ్‌కాజిల్ క్రాగ్స్ అడవిలో స్వచ్ఛందంగా జనం వాగులకి అడ్డంగా దుంగలు, కొమ్మలు వేసి నీటి వేగం తగ్గిస్తున్నారు. ఖర్చు తక్కువ, చూడటానికి చెత్త అడ్డం పడ్డట్టుంటుంది, పని మాత్రం చేస్తుందట.

టీ తాగుతూ డాక్ పుడ్డింగ్ గురించి విన్నాం. వసంతంలో పొలాల గట్ల మీద కోసిన డాక్ అనే ఆకు, నెటిల్ అనే దురద మొక్క లేత చివుళ్ళు, ఉల్లిపాయ, ఓట్స్ కలిపి ఉడికించి, పంది కొవ్వులో వేయిస్తారు. మైథమ్‌రాయిడ్‌లో దానికి పోటీలు కూడా పెడతారు. ఆ ఆకు మన చుక్కకూర కుటుంబానిదే. "వదినా, పంది కొవ్వు బదులు ఎండుమిరపకాయ తాలింపు వేస్తే?" అంది మా మరదలు. పోటీలో ఒప్పుకుంటారో లేదో.

తిరుగు రైలులో టాడ్‌మార్డెన్‌లో దిగాం. అక్కడ సెంటర్ వేల్ పార్కులో జాన్ ఫీల్డెన్ విగ్రహం ఉంది. పెద్ద మిల్లు యజమాని, ఎంపీ. ఈయనే చేతిమగ్గం నేతగాళ్ళకి కనీస కూలి నిర్ణయించాలని పార్లమెంటులో పోట్లాడాడు. 1834లో విచారణ కమిటీ వేశారు, నేతగాళ్ళు వెళ్ళి గోడు చెప్పుకున్నారు, బిల్లు మాత్రం ఒకటికి రెండుసార్లు వీగిపోయింది. మిల్లుల్లో ఆడవాళ్ళకీ, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకీ రోజుకి పది గంటలే పని అన్న 1847 చట్టం మాత్రం ఆయన పూనికతోనే వచ్చింది.

"మర పెట్టినవాడే మగ్గం మీద జాలి పడితే నమ్మేదెలా అక్కా?" అన్నాడు తమ్ముడు. చీరాలలో మాస్టర్ వీవర్లలోనూ అలాంటివాళ్ళున్నారని, నాన్న పడిపోయినప్పుడు ఆస్పత్రి ఖర్చు పెట్టింది మాకు కూలి తక్కువిచ్చిన సేటేనని చెప్పాను. "అది జాలి కాదు, అప్పు" అన్నాడు వాడు. మాంచెస్టర్ చేరేదాకా అదే వాదన.